తెల్లవారుజామున విమానం: ముందురాత్రి ఎక్కడ బస చేయాలి?

వ్యాఖ్యాత: నమస్కారం. బెంగళూరులోనూ, చుట్టుపక్కల ఊళ్ళలోనూ ఉన్న తెలుగు శ్రోతలకు స్వాగతం. తెల్లవారకముందే దేవనహళ్ళి విమానాశ్రయంలో ఉండవలసినవారు ముందురాత్రి బస ఎక్కడ ఏర్పాటు చేసుకోవాలన్నది ఈ వారం విషయం. ప్రయాణ ఏర్పాట్లలో దీర్ఘకాలం అనుభవం ఉన్న సలహాదారుగారు మనతో ఉన్నారు. మొదటి శ్రోత బీటీఎం లేఅవుట్ నుంచి మాట్లాడుతున్నారు.

శ్రోత: నమస్తే సార్. శుక్రవారం ఉదయం 6 గంటల 20 నిమిషాలకు విశాఖపట్నం విమానం ఉంది. నేను ఒక్కడినే, చేతిసంచి తప్ప సామాను లేదు. హోటల్ గది తీసుకోమంటారా?

సలహాదారు: అక్కర్లేదు బాబూ. ఆ వేళలో రోడ్లు ఖాళీగా ఉంటాయి కాబట్టి మూడున్నరకు ఇంటినుంచి బయలుదేరితే చాలు. విమానాశ్రయానికి వెళ్ళే వాయు వజ్ర బస్సులు రాత్రివేళ కూడా నడుస్తాయి, మీ దగ్గరి స్టాపులో ఏ సమయానికి వస్తుందో ముందురోజే చూసుకోండి. ఇండిగో దేశీయ విమానాలు టెర్మినల్ 1 నుంచి, ఎయిరిండియావి టెర్మినల్ 2 నుంచి వెళ్తాయి. టికెట్ మీద ఏది రాసి ఉందో చూసుకుని డ్రైవరుకు ముందే చెప్పండి.

వ్యాఖ్యాత: ధన్యవాదాలు. తరువాతి శ్రోత అనంతపురం నుంచి.

శ్రోత: నమస్కారమండీ. నేను రిటైరైన ఉపాధ్యాయుణ్ణి. మా అమ్మాయి అమెరికాలో ఉంటుంది, పురిటికి రమ్మంది. నేనూ మా ఇంటావిడా వెళ్తున్నాం. ఆమెకు మోకాళ్ళ నొప్పులు, మెట్లు ఎక్కలేదు. నాలుగు పెద్ద పెట్టెలు, అందులో ఆవకాయ, కందిపొడి, పసిబిడ్డకు కావలసిన గుడ్డలూ ఉన్నాయి. దుబాయి మీదుగా వెళ్ళే విమానం వచ్చే నెల 16వ తేదీ తెల్లవారుజామున 4 గంటల 15 నిమిషాలకు. మా అల్లుడుగారు అక్కడినుంచే ఫోన్లో గది బుక్ చేశారు. పేరులో ఎయిర్‌పోర్ట్ అని ఉంది, ధర కూడా తక్కువే. అది సరైనదేనా అని అడుగుదామని.

సలహాదారు: మాస్టారూ, ఆ హోటల్ చిరునామాలో ఏ పేట ఉంది?

శ్రోత: మురుగేశ్‌పాళ్య అని ఉందండీ. ఓల్డ్ ఎయిర్‌పోర్ట్ రోడ్డు.

సలహాదారు: అది వెంటనే రద్దు చేయించండి. 2008 మే నెల వరకు బెంగళూరు విమానాలన్నీ ఆ రోడ్డులోని పాత హెచ్.ఏ.ఎల్. విమానాశ్రయం నుంచే నడిచేవి, ఆ రోడ్డుకు ఆ పేరు అలాగే ఉండిపోయింది. మీ విమానం ఎక్కవలసిన కెంపేగౌడ విమానాశ్రయం నగరానికి ఉత్తరాన దేవనహళ్ళి దగ్గర ఉంది. మురుగేశ్‌పాళ్య నుంచి అక్కడికి ఊరు దాటుకుని ముప్పై కిలోమీటర్లకు పైగా వెళ్ళాలి. పేరులో ఎయిర్‌పోర్ట్ ఉందని గది తీసుకునేవారికి నేను ఎప్పుడూ చెప్పే మాట ఇదే: పేరు చూడకండి, పిన్‌కోడు, ఊరి పేరు చూడండి. దేవనహళ్ళి, సాదహళ్ళి, చిక్కజాల, యలహంక అని ఉంటే మీరు సరైన దిక్కున ఉన్నట్టు.

శ్రోత: అయ్యో, అల్లుడుగారికి ఆ సంగతి తెలియదండీ. అయితే మెజెస్టిక్ దగ్గర మా తమ్ముడికి తెలిసిన లాడ్జి ఉంది. అనంతపురం బస్సు ఎలాగూ మెజెస్టిక్‌కే వెళ్తుంది కదా?

సలహాదారు: మీ బస్సు బాగేపల్లి, చిక్కబళ్ళాపురం, దేవనహళ్ళి మీదుగానే వస్తుంది మాస్టారూ. అంటే విమానాశ్రయం దారి మీదుగానే. మీరు దాన్ని దాటి ముప్పై అయిదు కిలోమీటర్లు ఊళ్ళోకి వెళ్ళి, మళ్ళీ అర్ధరాత్రి నాలుగు పెట్టెలతో అంత దూరమూ వెనక్కి రావడం దేనికి? హైదరాబాదు, కర్నూలు, అనంతపురం, హిందూపురం వైపు నుంచి వచ్చేవారు చాలామంది ఇదే చేస్తారు. మీకు అసలు బస్సే వద్దు. అనంతపురంలోనే కారు మాట్లాడుకుని పగటిపూట బయలుదేరి, నేరుగా సాదహళ్ళి వైపు హోటల్ దగ్గరే దిగండి.

శ్రోత: సరేనండీ. అయితే గది 16వ తేదీకి తీసుకోమంటారు.

సలహాదారు: కాదు, 15వ తేదీకి తీసుకోవాలి. ఇది అందరూ జాగ్రత్తగా వినవలసిన విషయం. విమానం 16న తెల్లవారుజామున 4 గంటల 15 నిమిషాలకు. అంతర్జాతీయ ప్రయాణానికి మూడు గంటల ముందు, అంటే ఒంటిగంటా పావుకు కౌంటరు దగ్గర ఉండాలి. హోటల్ నుంచి 15వ తేదీ రాత్రి పన్నెండున్నర లోపే బయలుదేరాలి. 16వ తేదీకి గది బుక్ చేస్తే ఆ రోజు మధ్యాహ్నం రెండు గంటలకు గానీ తాళం ఇవ్వరు. అప్పటికి మీ విమానం దుబాయిలో దిగిపోయి ఉంటుంది. 15వ తేదీకి తీసుకుంటే మధ్యాహ్నం రెండింటికే గదిలో చేరి, భోంచేసి, పది గంటల పాటు అమ్మగారు కాళ్ళు చాపుకుని పడుకోవచ్చు.

శ్రోత: టికెట్ మీద 16 అనే ఉంది కదా, అందుకని...

సలహాదారు: టికెట్ మీద ఉన్న తేదీ నుంచి ఒక రోజు తగ్గించండి మాస్టారూ. కాగితం మీద రాసుకోండి: గది 15, విమానం 16. గది కోసం చెల్లించే డబ్బు మీకు రాత్రి నిద్ర కోసం కాదు, మధ్యాహ్నం నుంచి రాత్రి వరకు విశ్రాంతి కోసం. ఆ లెక్కన కొన్ని హోటళ్ళు పగటిపూట కొన్ని గంటలకు మాత్రమే కూడా గది ఇస్తాయి, ఆ ధర కూడా అడిగి చూడండి.

శ్రోత: ఉదయం టిఫిను కూడా ధరలో కలిపారట.

సలహాదారు: ఏడున్నరకు పెట్టే ఇడ్లీ మీకెందుకు? టిఫిను లేని ధర అడగండి. ఇంకొక మాట. ఏ హోటల్ ఖరారు చేసినా, ఆ హోటల్‌కు మీరే ఫోన్ చేసి, అర్ధరాత్రి పన్నెండున్నరకు వాహనం ఎవరు తెస్తారు, డ్రైవరు పేరు, నంబరు ఏమిటి అని అడగండి. వెబ్‌సైటులో పికప్, డ్రాప్ అని రాసి ఉన్నంత మాత్రాన చాలదు. నాలుగు పెద్ద పెట్టెలు, ఇద్దరు మనుషులు చిన్న కారులో పట్టరు. పెద్ద వాహనం కావాలని చెప్పండి.

శ్రోత: అప్పుడు ఆటో దొరకదా అండీ?

సలహాదారు: ఆటోలు టెర్మినల్ దాకా రావు. క్యాబ్ యాప్‌నే నమ్ముకుంటే, హైవే పక్క సర్వీసు రోడ్డు లోపలి హోటల్ అని చూసి డ్రైవరు బుకింగ్ రద్దు చేసుకునే అవకాశం ఉంది. హోటల్ వాహనం ఒకటి, ముందుగా మాట్లాడుకున్న క్యాబ్ ఒకటి, రెండూ సిద్ధంగా ఉంచుకోండి. అమ్మగారి కోసం చక్రాల కుర్చీ కావాలని విమాన సంస్థకు రెండు రోజుల ముందే చెప్పాలి. హోటల్లో లిఫ్టు ఉందా, రాత్రివేళ నడుస్తుందా అనీ అడగండి. చిన్న లాడ్జిల్లో పదకొండు దాటితే లిఫ్టు ఆపేసి, కింద కొలాప్సిబుల్ గేటుకు తాళం వేసి, కుర్రాడు రిసెప్షన్ బల్ల వెనకే దుప్పటి కప్పుకుని పడుకుంటాడు. ఆ వేళలో అతన్ని లేపి బిల్లు చూడమంటే అరగంట పడుతుంది. అందుకని బిల్లు రాత్రి భోజనం ముందే కట్టేసి, రసీదు తీసుకోండి.

శ్రోత: చాలా సంతోషమండీ. అయితే 15వ తేదీకే కదా?

సలహాదారు: 15వ తేదీకే మాస్టారూ. పిల్లల్ని కళ్ళారా చూసుకునే ప్రయాణం, హాయిగా వెళ్ళి రండి.

వ్యాఖ్యాత: మాస్టారుగారికి శుభం. హోసూరు నుంచి మరొక శ్రోత.

శ్రోత: సార్, 5 గంటల 45 నిమిషాలకు హైదరాబాదు విమానం. హోసూరు నుంచి వచ్చి ఎలక్ట్రానిక్ సిటీలో గది తీసుకుందామని...

సలహాదారు: వద్దమ్మా. ఎలక్ట్రానిక్ సిటీ నగరానికి ఒక కొన, విమానాశ్రయం ఇంకొక కొన. అక్కడ ఆగడం వల్ల మీ ప్రయాణంలో కొద్ది భాగమే తగ్గుతుంది. సాయంత్రం ట్రాఫిక్ మొదలుకాకముందే ఊరు దాటి హెబ్బాళ్ ఫ్లైఓవర్ అవతల, యలహంక వైపు బస చేయండి. బస చేసిన చోటుకూ విమానాశ్రయానికీ మధ్య నగరం ఉండకూడదు. ఆ హోటల్‌కు మీరే ఫోన్ చేసి...

శ్రోత: హలో? హలో?

వ్యాఖ్యాత: లైను తెగిపోయినట్టుంది. వైట్‌ఫీల్డ్ నుంచి ఒక అమ్మ.

శ్రోత: నమస్తే అండీ. ఇద్దరు చిన్నపిల్లలతో వెళ్తున్నాం. విమానాశ్రయానికి రెండు కిలోమీటర్లు అని మ్యాపులో చూపించిన హోటల్ బుక్ చేశాను. పర్వాలేదా?

సలహాదారు: ఆ రెండు కిలోమీటర్లు గీత గీసి కొలిచినవా, రోడ్డు మీద కొలిచినవా అన్నది చూడండి తల్లీ. విమానాశ్రయం ప్రహరీ అవతలి ఊరు మ్యాపులో దగ్గరగా కనిపిస్తుంది, కానీ ద్వారం చుట్టి రావాలి. జాతీయ రహదారి మీద ఉన్నా, నగరం వైపు వచ్చే దారి పక్కన ఉంటే ముందుకు వెళ్ళి యూటర్న్ తీసుకుని రావాలి. మ్యాపులో బయలుదేరే సమయం రాత్రి మూడు గంటలుగా పెట్టి దారి వేసి చూడండి, ఎన్ని నిమిషాలో తెలుస్తుంది. డిసెంబరు, జనవరిలో అయితే ఆ ప్రాంతంలో తెల్లవారుజామున దట్టంగా పొగమంచు పడుతుంది. డ్రైవరు మెల్లగా వెళ్ళడానికి మరో పావుగంట కలపండి. పిల్లలకు స్వెట్టర్లు పెట్టెలో పెట్టేయకుండా చేతిసంచిలో ఉంచండి.

శ్రోత: విమానాశ్రయం లోపలే హోటల్ ఉందంటున్నారు?

సలహాదారు: ప్రాంగణంలోనే తాజ్ హోటల్ ఉంది, టెర్మినల్ 2లో ట్రాన్సిట్ హోటల్, అంటే విమానం కోసం ఆగేవారు కొద్ది గంటలు బస చేసే హోటల్ కూడా ఉంది. బయటి గదులకంటే ఖరీదు ఎక్కువే. చిన్నపిల్లలతో రాత్రి రెండు గంటలకు లేవవలసినవారు ఆ తేడా డబ్బు పెట్టగలిగితే పెట్టమనే చెబుతాను. ట్రాన్సిట్ హోటల్ గది భద్రతా తనిఖీకి ముందా, తరువాతా అన్నది మాత్రం బుక్ చేసేముందు అడగండి.

వ్యాఖ్యాత: మదనపల్లె నుంచి ఆఖరి శ్రోత. క్లుప్తంగా అడగండి.

శ్రోత: మేము కారులో వస్తున్నాం సార్. హోస్కోటెలో ఆగి తెల్లవారుజామున బయలుదేరితే సరిపోతుందా? మా విమానం ఆరింటికి.

సలహాదారు: సరిపోతుంది గానీ అవసరం లేదు. చింతామణి దాటాక శిడ్లఘట్ట, విజయపుర మీదుగా దేవనహళ్ళి వచ్చేయండి, అక్కడే బస చేయండి. చీకటి పడకముందే చేరేలా బయలుదేరండి. కారు ఎక్కడ పెడతారు?

శ్రోత: మా బావమరిది తిరిగి తీసుకువెళ్తాడండీ.

సలహాదారు: అయితే అతను కూడా ఆ రాత్రి నిద్రపోవాలి, మిమ్మల్ని దింపి నూరు కిలోమీటర్లకు పైగా నడపాలి కదా. అతన్నీ కలుపుకుని గది తీసుకుని, పన్నెండింటి దాకా ఖాళీ చేయనక్కర్లేదని రిసెప్షన్‌లో చెప్పించుకోండి. మిమ్మల్ని దింపాక అతను తిరిగి గదికి వచ్చి పడుకుని, ఎండ వచ్చాక బయలుదేరతాడు.

వ్యాఖ్యాత: సలహాదారుగారికి, ఫోన్ చేసినవారికీ ధన్యవాదాలు. వచ్చే వారం ఇదే సమయానికి కలుద్దాం.