చవక పిస్టల్ కొనాలా, వద్దా? (చర్చా కార్యక్రమం పాఠం)

పాల్గొన్నవారు: యాంకర్, టెక్సస్‌లో గ్యాస్ స్టేషన్ నడిపే వ్యాపారి, షూటింగ్ రేంజ్ శిక్షకుడు, ఇమిగ్రేషన్ న్యాయవాది.

యాంకర్: నమస్కారం. 2025 అక్టోబర్‌లో డాలస్ దగ్గర గ్యాస్ స్టేషన్‌లో పనిచేస్తున్న మన హైదరాబాద్ విద్యార్థి కాల్పుల్లో చనిపోయారు. అప్పటి నుంచి అమెరికా తెలుగువాళ్లలో ఒకటే చర్చ: రెండొందల డాలర్ల పిస్టల్ అయినా ఒకటి దగ్గర ఉండాలా? రెండు వైపులా సమానంగా వింటాం. సార్, మీరు చెప్పండి.

వ్యాపారి: ఉండాలండీ! హై-పాయింట్ సీ9 అని చవక పిస్టల్ ఉంది, ఒహాయోలో తయారవుతుంది. జీవితకాల వారంటీ. సెకండ్ హ్యాండ్‌లో కొన్నా సరే, పంపిస్తే బాగుచేసి ఇస్తారు. గ్లాక్ లాంటి పేరున్న పిస్టల్‌కి ఐదొందలు ఎందుకు తగలేయాలి?

శిక్షకుడు: వారంటీ మంచిదే. కానీ దాని స్లైడ్, అంటే కాల్చినప్పుడు వెనక్కి జరిగే పైభాగం, స్టీలు కాదు, జింక్ మిశ్రమం. బ్లోబ్యాక్ పద్ధతి, అంటే స్లైడ్‌ని పట్టి ఉంచే లాక్ ఉండదు, కాబట్టి ఆ స్లైడ్ బరువే పేలుడు ఒత్తిడిని ఆపాలి. అందుకే చేతిలో ఇటుకలా...

వ్యాపారి: ఇటుకైతే ఏంటి? నడుముకి కట్టుకుని ఊరేగుతానా? కౌంటర్ కింద ఉంటుంది!

శిక్షకుడు: నన్ను పూర్తి చేయనివ్వండి. తూటాలు పెట్టే మ్యాగజైన్ పైఅంచులు కాస్త వంగినా తూటా సరిగ్గా ఎక్కదు, ఇరుక్కుంటుంది. కొన్నాక రెండొందల తూటాలైనా కాల్చి చూడాలి. ఆ ఖర్చు ఎవరూ లెక్కేయరు.

యాంకర్: ఖర్చు సరే, ఇక్కడ ఊళ్లో ఉన్న అమ్మానాన్నల టెన్షన్ మాటేంటి? వాళ్లకి నిద్ర పడుతుందా?

న్యాయవాది: ఆ తల్లిదండ్రుల కోసమే చెబుతున్నాను. ఎఫ్-1 మీద ఉన్న విద్యార్థి గానీ, హెచ్-1బీ మీద ఉన్నవాళ్లు గానీ...

వ్యాపారి: మేడమ్, ఒక్క నిమిషం. టారస్ కంపెనీ పిస్టల్ కూడా ఉంది. జీ3సీ, మూడొందల లోపే!

శిక్షకుడు: టారస్ అంటున్నారా? కింద పడితే పేలుతున్నాయని పాత మోడళ్ల మీద అమెరికాలో క్లాస్ యాక్షన్ కేసు, అంటే కొన్నవాళ్లందరి తరఫున ఒకే కేసు, వేశారు. కంపెనీ తప్పు ఒప్పుకోలేదు, 2015లో రాజీకి మాత్రం వచ్చింది. దాని కిందికి దాదాపు పది లక్షల పిస్టళ్లు వచ్చాయి.

వ్యాపారి: అవి పాతవని మీరే అంటున్నారుగా! జీ3సీ అందులో లేదు.

శిక్షకుడు: లేదు, నిజమే. అయినా...

వ్యాపారి: లేదు! అంతే! రాసుకోండి.

యాంకర్: మన దేశంలో ధరెంత ఉంటుంది సార్?

శిక్షకుడు: కాన్పూర్‌లో నిర్భీక్ రివాల్వర్ తెచ్చినప్పుడు, 2014లోనే, ధర లక్షా ఇరవై వేల పైమాట. లైసెన్సు తిప్పలు వేరే.

వ్యాపారి: చూశారా! ఇక్కడ రెండొందల డాలర్లకే దొరుకుతుంటే ఇంకా ఆలోచనేంటి?

(ఇక్కడ కాసేపు నిర్భీక్ మీదే మాట్లాడారు. అసలు విషయానికి సంబంధం లేనందున వదిలేశాం.)

న్యాయవాది: నా మాట ఒక్కటి వినండి. స్టూడెంట్ వీసా, వర్క్ వీసా మీద ఉన్నవాళ్లు తుపాకీ దగ్గర పెట్టుకోవడమే ఫెడరల్ నేరం. వేట లైసెన్సు లాంటి కొద్ది మినహాయింపులు తప్ప. పదిహేనేళ్ల దాకా జైలు. చవకదా, ఖరీదైనదా అన్న ప్రశ్నే వాళ్లకి లేదు.

వ్యాపారి: గ్రీన్ కార్డున్న అన్నయ్య కొనిస్తాడు, అయిపాయె!

న్యాయవాది: అది స్ట్రా పర్చేజ్, అంటే ఇంకొకరి కోసం తన పేరు మీద కొనడం. కొనిచ్చినవాడూ జైలుకే. షాపులో ఫారం 4473 మీద అసలు కొనేది తనే అని సంతకం పెట్టాలి...

వ్యాపారి: (గట్టిగా) రాత్రి రెండింటికి ముసుగు వేసుకుని లోపలికొచ్చినవాడికి ఫారం చూపిస్తారా మేడమ్? నేను పదిసార్లు చెప్పినా అదే చెబుతాను: లేనిదానికన్నా చవకది నయం!

యాంకర్: తల్లిదండ్రుల టెన్షన్ అర్థమవుతోంది. అంటే చవకదైనా ఉండాలనే వైపే చర్చ మొగ్గింది...

న్యాయవాది: ఎక్కడ మొగ్గిందండీ? చట్టం గురించి నేను...

యాంకర్: సమయం లేదు మేడమ్. చిన్న బ్రేక్.

(బ్రేక్ తర్వాత బంగారం ధరల మీద చర్చ మొదలైంది.)