గడ్డివామి నుంచి సిడ్నీ రేవు దాకా

శ్రోతలకు నమస్కారం. మన అజాగ్రత్త వల్ల పక్కవాళ్ళకు నష్టం జరిగితే, "ఇలా జరగొచ్చని ముందే తట్టాలి కదా?" అని కోర్టు అడుగుతుంది. ఈ ప్రశ్న చట్టంలోకి ఎలా వచ్చిందో చూద్దాం.

ఇంగ్లండులో మెన్లవ్ అనే ఆయన తన పొలం సరిహద్దు దగ్గర ఎండుగడ్డి వామి వేశాడు. గడ్డి సరిగా ఆరకముందే వామి వేస్తే లోపల వేడి పుడుతుంది, ఒక్కోసారి దానంతటదే అంటుకుంటుంది. ఐదు వారాల్లో చుట్టుపక్కలవాళ్ళు పలుమార్లు హెచ్చరించారు. "ఏమైతే అదవుతుంది" అన్నాడాయన. వేడి పోవడానికి వామిలో పొగగొట్టం లాంటి దారి చేశాడంతే. వామి రగిలి పక్కాయన ఇళ్ళు కాలిపోయాయి. తనకున్న తెలివి మేరకు నిజాయితీగానే నడుచుకున్నాడని మెన్లవ్ తరఫున వాదించారు. 1837లో ప్రధాన న్యాయమూర్తి టిండల్ ఒప్పుకోలేదు. ఎవరి తెలివి వారికి కొలతయితే, బాధ్యత ఒక్కొక్కరి పాదం పొడవులా మారిపోతుందన్నారు. మామూలు జాగ్రత్త ఉన్న మనిషే కొలత అని తేల్చారు.

1856లో ఇదే కొలత ప్రతివాదిని కాపాడింది. బర్మింగ్‌హామ్ నీటి సంస్థ వీధి గొట్టానికి బిగించిన ప్లగ్గు 25 ఏళ్ళు బాగానే ఉంది. 1855 నాటి అసాధారణమైన చలికి అది పాడై ఒక ఇంట్లోకి నీళ్ళొచ్చాయి. మామూలు చలికాలాలకు తగిన ఏర్పాటు ఉంది కాబట్టి సంస్థ తప్పు లేదన్నారు. 1932లో, నత్త ఉందన్న జింజర్ బీర్ సీసా కేసులో, మన పని వల్ల దెబ్బతింటారని ఊహించదగినవాళ్ళంతా మన పొరుగువాళ్ళేనని న్యాయమూర్తి లార్డ్ ఆట్కిన్ అన్నారు.

ఇదంతా తప్పుందా లేదా అన్న ప్రశ్న. తప్పు తేలాక ఎంతవరకు కట్టాలన్నది వేరే ప్రశ్న. రెండూ కలిపేస్తే ఈ తీర్పులు అర్థం కావు.

1921లో ఒక ఓడ కేసు వచ్చింది. సరుకు గదిలోకి పలక జారిపడి, నిప్పురవ్వ లేచి, పెట్రోలు ఆవిరి అంటుకుని, ఓడ కాలిపోయింది. నిప్పురవ్వను ఎవరూ ఊహించలేరని తేలింది. అయినా నష్టం నేరుగా జరిగింది కాబట్టి మొత్తం కట్టమన్నారు.

ఈ సూత్రాన్ని సిడ్నీ కేసు తోసేసింది. 1951 అక్టోబరులో వాగన్ మౌండ్ ఓడ నుంచి ఫర్నేస్ ఆయిల్ నీళ్ళలోకి కారి, వెల్డింగ్ జరిగే రేవు కిందికి చేరింది. నీటి మీది ఆ నూనె అంత తేలిగ్గా అంటుకోదు. రేవు మేనేజరు పని ఆపించి, వాకబు చేసి, ప్రమాదం లేదనుకుని మళ్ళీ మొదలుపెట్టించాడు. కరిగిన లోహం నూనెలో తేలుతున్న పీచు మీద పడి మంటలు లేచాయి. మంటలు ఊహించదగినవి కావని 1961లో, అప్పట్లో ఆస్ట్రేలియా అప్పీళ్ళు వినే లండన్ కోర్టయిన ప్రివీ కౌన్సిల్, రేవు యజమానులకు పరిహారం నిరాకరించింది.

అదే మంటల్లో దెబ్బతిన్న వేరే ఓడల యజమానులు మాత్రం 1966లో గెలిచారు. చిన్నదైనా నిప్పు ప్రమాదం ఉందని ఓడ ఇంజనీరుకు తెలిసి ఉండాల్సిందని వాళ్ళు సాక్ష్యంతో చూపగలిగారు. రేవు యజమానులకు ఆ వాదన కష్టం. ప్రమాదం తెలిసేదే అయితే, మీరు వెల్డింగ్ ఎందుకు చేయించారన్న ప్రశ్న వాళ్ళకే ఎదురయ్యేది.