ఫోటోలో ఒకలా, ఎదురుగా ఒకలా... ఎందుకు?

[స్క్రీన్ మీద పక్కపక్కన రెండు ఫోటోలు. రెండింట్లోనూ యాంకరే. అదే చొక్కా, అదే గోడ.]

ఈ రెండు ఫోటోలూ నావే. ఒకే చోట కూర్చుని వెంటవెంటనే తీసుకున్నవి. ఫిల్టర్ లేదు, ఎడిటింగ్ లేదు. ఎడమవైపు ఫోటోలో ముక్కు లావుగా ఉంది, నుదురు ముందుకొచ్చింది, చెవులైతే వెతుక్కోవాలి. కుడివైపు ఫోటోలో ముఖం కుదురుగా ఉంది. మారింది ఒక్కటే, ఫోన్‌కీ నాకూ మధ్య దూరం.

అందం అనగానే మనం కనుముక్కు తీరు, రంగు, ఒడ్డూపొడుగూ అని మొదలుపెడతాం. వాటి దగ్గరికీ వస్తాను. కానీ ఈ రోజుల్లో కొత్తవాళ్లు మనల్ని మొదట చూసేది ఫోన్‌లోనే. పెళ్లి బయోడేటా కావచ్చు, వాట్సాప్ డీపీ కావచ్చు, ఉద్యోగం కోసం పెట్టుకున్న ప్రొఫైల్ కావచ్చు. కాబట్టి ముందు ఆ ఫోటో మన ముఖాన్ని ఏం చేస్తోందో చూద్దాం.

[యానిమేషన్: పక్క నుంచి కనిపించే ముఖం, ఎదురుగా ఫోన్. మధ్యలో స్కేలు గీతలు.]

ముక్కు కొన నుంచి చెవి దాకా సుమారు 12 సెంటీమీటర్లు అనుకోండి. సెల్ఫీలో ఫోన్ ముక్కుకి 30 సెంటీమీటర్ల దూరంలో ఉంటే, చెవికి 42 సెంటీమీటర్ల దూరంలో ఉన్నట్టు. దగ్గరున్నది పెద్దగా పడుతుంది కాబట్టి, చెవితో పోలిస్తే ముక్కు 40 శాతం పెద్దగా వస్తుంది. ఇప్పుడు ఫోన్‌ని మీటరున్నర దూరం జరపండి. ముక్కుకి 150, చెవికి 162. తేడా 8 శాతానికి పడిపోయింది. ముక్కు అదే, మనిషీ అదే.

ఇది నేను కాగితం మీద వేసిన లెక్క. 2018లో అమెరికాలో ఫేషియల్ ప్లాస్టిక్ సర్జరీ డాక్టర్లు ఇంకా పద్ధతిగా లెక్కగట్టారు. 12 అంగుళాల దూరం నుంచి తీసుకున్న సెల్ఫీలో ముక్కు దాదాపు 30 శాతం వెడల్పుగా కనిపిస్తుందని, 5 అడుగుల నుంచి తీస్తే ఆ తేడా ఉండదని తేల్చారు. సెల్ఫీ చూపించి "నా ముక్కు ఇంత లావుగా ఉంది, తగ్గించండి" అని వచ్చేవాళ్లను చూసీ చూసీ ఈ లెక్కకు దిగారు. ఆపరేషన్ బల్ల ఎక్కే ముందు రెండడుగులు వెనక్కి జరిగి ఇంకో ఫోటో తీసుకుంటే పోయేది!

ఇక్కడ చాలామంది పొరబడే సంగతి ఒకటుంది. "లెన్స్ మంచిదైతే ముఖం బాగా వస్తుంది" అంటారు. ముఖం ఆకారం వరకైతే లెన్స్ కన్నా దూరమే ముఖ్యం. వెనక్కి వెళ్లి జూమ్ చేయండి, చాలు. పాస్‌పోర్ట్ ఫోటోకి వెళ్తే స్టూడియో అన్న మనల్ని స్టూల్ మీద కూర్చోబెట్టి, తను గదికి ఆ చివర నిలబడి తీస్తాడు కదా, అందుకే.

దూరం వల్ల మారేది ఆకారం ఒక్కటే కాదు. 2012లో అమెరికాలోని కాల్‌టెక్ యూనివర్సిటీ పరిశోధకులు కొందరిని 45 సెంటీమీటర్ల నుంచి ఒకసారి, 135 సెంటీమీటర్ల నుంచి ఇంకోసారి ఫోటో తీసి, వేరేవాళ్లకు చూపించారు. దగ్గర నుంచి తీసిన ఫోటోల్లో అదే మనుషులు తక్కువ అందంగానే కాదు, తక్కువ నమ్మదగ్గవాళ్లుగా, తక్కువ సమర్థులుగా కూడా కనిపించారు. ఉద్యోగం ప్రొఫైల్‌లో సెల్ఫీ పెట్టుకున్నవాళ్లు ఒకసారి ఆలోచించుకోండి.

[కట్. యాంకర్ అద్దం ముందు.]

సరే, ఐదడుగుల నుంచి తీశాం. అయినా "ఇది నేను కాదే" అనిపిస్తుంది. దీనికి కారణం అద్దం. పాపిడి, పుట్టుమచ్చ, కాస్త పైకి ఉండే కనుబొమ్మ, అన్నీ మనం పుట్టినప్పటి నుంచీ తిరగేసి చూసుకున్నవే. కెమెరా వాటిని సరైన వైపు చూపిస్తే మనకి వంకరగా అనిపిస్తుంది. 1977లో అమెరికాలో ఒక ప్రయోగం చేశారు. ఒక్కొక్కరి ఫోటోని రెండు రకాలుగా ప్రింట్ తీసి, ఏది బాగుందో చెప్పమన్నారు. ఫోటోలోని మనిషి ఎక్కువగా అద్దంలో కనిపించేదాన్ని ఎంచుకుంటే, ఆ మనిషి స్నేహితులు మామూలు ఫోటోని ఎంచుకున్నారు. ఎవరికి అలవాటైన ముఖం వాళ్లకి నచ్చింది. అందుకే మీకు నచ్చని ఫోటోని మీ అమ్మ ఫ్రేమ్ కట్టించి హాల్లో పెట్టేస్తుంది. ఆవిడ ఎప్పుడూ చూసే ముఖం అదే మరి.

[క్లిప్: ఒకరు నవ్వుతూ మాట్లాడుతుంటారు. ఒక్కసారిగా పాజ్. కళ్లు సగం మూసి, నోరు వంకరగా.]

ఇది చూడండి. మాట్లాడుతున్నప్పుడు చక్కగా ఉన్న మనిషి, పాజ్ కొట్టగానే ఇలా అయిపోయాడు. కెమెరా పట్టుకునేది సెకనులో వందో వంతు. కళ్లార్పడం సగంలో ఉంటుంది, మాట మధ్యలో ఉంటుంది, నవ్వు ఇంకా మొదలవుతుంటుంది. ఎదురుగా ఉన్నప్పుడు మనం చూసేది ఆ ముక్కని కాదు, మొత్తం కదలికని. 2012లో కాలిఫోర్నియాలో కొందరు ఇదే పరీక్షించారు. మనుషులు మాట్లాడుతున్న వీడియోలు, ఆ వీడియోల్లోంచే తీసిన ఫ్రేములు వేర్వేరుగా చూపించి మార్కులు వేయమన్నారు. వీడియోలకే ఎక్కువ మార్కులు పడ్డాయి. ఫ్రేములన్నీ ఆ వీడియోలోవే అయినా సరే.

దీనికన్నా నన్ను ఎక్కువ ఆశ్చర్యపరిచింది 2011లో బ్రిటన్ నుంచి వచ్చిన అధ్యయనం. అందులో ఇద్దరు డచ్ సెలబ్రిటీలవి మొత్తం 40 ఫోటోలు కలిపేసి, వాళ్లెవరో తెలియని బ్రిటిష్ వాళ్లకిచ్చి "ఎవరి ఫోటోలు వాళ్లకి విడదీయండి" అన్నారు. ఉన్నది ఇద్దరే అయినా చాలామంది ఏడెనిమిది కుప్పలు పెట్టారు! అదే అధ్యయనంలో అందానికి మార్కులు కూడా వేయించారు. ఒకే మనిషి ఫోటోల మధ్య ఉన్న తేడా, చాలాసార్లు మనిషికీ మనిషికీ మధ్య తేడా కన్నా ఎక్కువ వచ్చింది. ఇప్పుడు మన ఇళ్లల్లో జరిగేది గుర్తు తెచ్చుకోండి. రెండు బయోడేటాలు, ఒక్కో ఫోటో. "ఈ అబ్బాయి కన్నా ఆ అబ్బాయి బాగున్నాడు" అని పెద్దమ్మ తీర్పు ఇచ్చేస్తుంది. ఆవిడ పోల్చింది ఇద్దరు అబ్బాయిల్ని కాదు, రెండు క్షణాల్ని.

[పెళ్లి వీడియో క్లిప్పులు. రిసెప్షన్ స్టేజీ, తర్వాత తలంబ్రాలు.]

పెళ్లి ఆల్బమ్ తిరగేస్తే ఇది ఇంకా బాగా తెలుస్తుంది. రిసెప్షన్ స్టేజీ మీద వధూవరులు గంటల తరబడి ఒకే నవ్వు పట్టుకుని నిలబడతారు. లైన్లో వచ్చిన ప్రతివాళ్లతోనూ అదే నవ్వు. పెదవులు సాగుతాయి, బుగ్గలు నొప్పెడతాయి, కళ్లు మాత్రం అలసిపోయి ఉంటాయి. ఇప్పుడు తలంబ్రాల పేజీకి రండి. నువ్వా నేనా అని పోస్తున్నారు, జుట్టంతా బియ్యం, బాసికం పక్కకి జరిగిపోయింది, పెళ్లికూతురు కళ్లు చిన్నవైపోయి వాటి చివర్లలో ముడతలు పడ్డాయి. ఆల్బమ్‌లో అందరూ ఆగిపోయే ఫోటో అదే. 1862లోనే ఫ్రెంచి వైద్యుడు డుషేన్ ఈ తేడా పట్టుకున్నాడు. పెదవుల్ని లాగే కండరం మనం చెప్పినట్టు వింటుంది. కంటి చుట్టూ ఉండే కండరం చాలామందికి అంత తేలిగ్గా మాట వినదు, నిజంగా సంతోషం వేస్తే దానంతటదే బిగుస్తుంది. కాబట్టి "స్మైల్ ప్లీజ్" అనే ఫోటోగ్రాఫర్ కన్నా, ఏదో ఒక జోక్ వేసే ఫోటోగ్రాఫర్‌ని పెట్టుకోండి.

ఇక రంగు. ఈ విషయంలో కెమెరాలకే ఒక చరిత్ర ఉంది. ఫిల్మ్ కెమెరాల కాలంలో ల్యాబుల్లో రంగులు సరిచూసుకోవడానికి కోడాక్ పంపే కార్డుల మీద తెల్లమ్మాయి బొమ్మ ఉండేది. వాటిని 'షెర్లీ కార్డులు' అనేవారు. ఆమె చర్మం సరిగ్గా వస్తే రంగులు సరిగ్గా ఉన్నట్టు లెక్క. చామనఛాయ, నలుపు వాళ్ల ముఖాల్లో వివరాలు పోయినా దశాబ్దాలపాటు పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. చాక్లెట్ కంపెనీలు, చెక్క ఫర్నిచర్ కంపెనీలు తమ సరుకు ఫోటోల్లో సరిగ్గా రావడం లేదని గోల చేశాకే ఫిల్మ్ మారిందంటారు. మనుషుల కోసం కాదు, చాక్లెట్ కోసం!

డిజిటల్ వచ్చినా ఒక చిక్కు మిగిలింది. ఆటోమేటిక్ కెమెరా ఫ్రేమ్ మొత్తం వెలుగుని చూసి సర్దుకుంటుంది. తెల్ల పంచె, జరీ చీర, వెనక తెల్ల గోడ ఉంటే "వెలుగు ఎక్కువైంది" అనుకుని తగ్గిస్తుంది. దాంతో చామనఛాయ ముఖం ఉన్నదాని కన్నా నల్లగా, వివరాలు లేకుండా పడుతుంది. ఫోన్‌లో ముఖం మీద వేలితో తట్టి, వెలుగు కొంచెం పెంచితే సరిపోతుంది. నడినెత్తి మీద ఎండ వద్దు, కళ్ల కింద నీడలు పడతాయి. కిటికీ పక్కన, వెలుగు పక్కనుంచి పడేలా నిలబడండి.

ఇంత చిన్న పనికి మనవాళ్లు ట్యూబుల కొద్దీ క్రీములు పూశారు. 1975లో వచ్చిన 'ఫెయిర్ అండ్ లవ్లీ' పేరులోంచి 'ఫెయిర్' అన్న మాట పోవడానికి 2020 దాకా పట్టింది. అదే ఏడాది షాదీ డాట్ కామ్ కూడా రంగు ఫిల్టర్ తీసేసింది. వాట్సాప్‌లో తిరిగే బయోడేటాల్లో మాత్రం 'రంగు' అనే గడి ఇంకా ఉంది. అది ఖాళీగా వదిలేయమని మీ ఇంట్లో గట్టిగా చెప్పండి.

[స్క్రీన్ మీద బంగారు నిష్పత్తి గీతలతో ఒక ముఖం. దాని మీద ఎర్ర ఇంటూ గుర్తు.]

ఇంతకీ ముఖంలోనే ఉండే అందం సంగతేంటి? ముందు ఈ బంగారు నిష్పత్తిని, అంటే ముఖం కొలతలు ఒకదానికొకటి 1.618 రెట్లు ఉంటేనే అందం అనే లెక్కని, పక్కన పెడదాం. 1.618 గీతలు గీసి "ప్రపంచంలోకెల్లా అందమైన ముఖం" అని తేల్చే వీడియోలన్నీ కాలక్షేపం. దానికి గట్టి ఆధారం లేదు.

ఆధారం ఉన్నది సగటు ముఖానికి, అంటే చాలా ముఖాల్ని కలిపితే వచ్చే ముఖానికి. అది బయటపడిన తీరు కూడా విచిత్రం. 1878 ప్రాంతంలో ఇంగ్లండులో ఫ్రాన్సిస్ గాల్టన్ అనే శాస్త్రవేత్త 'నేరస్థుడి ముఖం' ఎలా ఉంటుందో కనిపెడదామని ఖైదీల ఫోటోలు ఒకే ప్లేటు మీద ఒకదానిపై ఒకటి వేశాడు. భయంకరమైన ముఖం వస్తుందనుకున్నాడు. ఒక్కొక్కరికన్నా బాగున్న ముఖం వచ్చింది. మనుషుల్ని మేలురకం, నాసిరకం అని విడగొట్టే యూజెనిక్స్ అన్న మాటని తర్వాత పుట్టించింది కూడా ఆయనే. ఆయన సిద్ధాంతానికి ఆయన ఫోటోనే ఎదురు తిరిగింది. 1990లో టెక్సస్‌లో కంప్యూటర్‌తో విద్యార్థుల ముఖాలు కలిపితే అదే జరిగింది. 32 ముఖాలు కలిపి చేసిన ముఖం, విడి ముఖాల్లో చాలావాటి కన్నా నచ్చింది. 1994లో మరో బృందం దీన్ని కాస్త సవరించింది. సగటు బాగానే ఉంటుంది కానీ, బాగా అందంగా కనిపించే ముఖాలు ఆ సగటుకి కొంచెం పక్కకి జరిగి ఉంటాయట.

సగటు అంటే ఎవరి సగటు? మనం రోజూ చూసే ముఖాలది. ఇదే అసలు మెలిక. 2003లో ఒక ప్రయోగంలో మార్చేసిన ముఖాల్ని కాసేపు వరసగా చూపిస్తే, చూసినవాళ్లకి అందం మీద అభిప్రాయమే ఆ మార్చిన ముఖాల వైపు జరిగింది. కొద్ది నిమిషాలకే అలా అయితే, రోజూ గంటల కొద్దీ ఫిల్టర్ ముఖాలతో రీల్స్ చూసే మన కళ్లకి ఏం జరుగుతుందో ఊహించుకోవచ్చు. చుట్టూ ఉన్న మామూలు ముఖాలే తప్పుగా అనిపించడం మొదలవుతుంది, అద్దంలోదానితో సహా.

[కట్. కాలేజీ క్లాస్‌రూమ్ యానిమేషన్.]

అదే అలవాటు ఎదురుగా ఉన్నప్పుడు మన వైపు పనిచేస్తుంది. 1992లో ఒక అమెరికా కాలేజీలో, చూడ్డానికి ఇంచుమించు ఒకేలా ఉండే నలుగురు అమ్మాయిల్ని ఎంచుకున్నారు. ఒకరు క్లాసుకి అసలు రాలేదు, ఒకరు 5 సార్లు, ఒకరు 10 సార్లు, ఒకరు 15 సార్లు వచ్చి కూర్చున్నారు. ఎవరితోనూ మాట్లాడలేదు. టర్మ్ చివర్లో ఫోటోలు చూపిస్తే, ఎక్కువసార్లు వచ్చిన అమ్మాయే విద్యార్థులకి ఎక్కువ నచ్చింది. 2015లో 167 జంటల్ని పరిశీలించిన ఇంకో అధ్యయనం ఉంది. పరిచయమైన కొద్ది నెలలకే జత కట్టినవాళ్లు అందంలో ఒకరికొకరు సరితూగేలా ఉన్నారు. ముందు చాలాకాలం స్నేహితులుగా ఉన్నవాళ్లలో ఆ పోలిక అంతగా లేదు. మాట తీరు, నవ్వు, చమత్కారం, పక్కవాళ్లతో మసలే పద్ధతి ఇవన్నీ చూసేశాక, బయటివాళ్లు వేసే మార్కులతో వాళ్లకి పని లేకపోయింది.

కాబట్టి బయోడేటా పంపేవాళ్లకి నా సలహా. స్టూడియో ఫోటో ఒకటి పెట్టండి, కాదనను. దాంతోపాటు పది సెకన్ల వీడియో కూడా పంపండి. ఫోన్‌ని ఐదడుగుల దూరంలో, కంటి ఎత్తులో, కిటికీ వైపు మీరు కాస్త తిరిగేలా పెట్టించండి. తీసేవాళ్లు మీకు బాగా తెలిసినవాళ్లై ఉండాలి, చెల్లో, ఫ్రెండో. వాళ్లతో ఏదో ఒకటి మాట్లాడుతూ ఉండండి, కెమెరా వైపు చూడక్కర్లేదు. అవతలివాళ్లు పంపిన ఫోటో నచ్చకపోయినా, వాళ్లనీ ఒక వీడియో అడగండి. అడిగితే ఏమన్నారో కామెంట్లలో రాయండి.