సింగిల్స్ వదిలిన సానియా

స్టేజీ మీదున్న పెద్దలకు, మేడమ్‌లకు, సార్లకు, వెనుక నిలబడి వింటున్న తల్లిదండ్రులకు, ముందు వరసలో కూర్చున్న మా బిడ్డలకు అందరికీ నమస్కారం. పేరు పేరునా చెప్పుకుంటూ పోతే నాకిచ్చిన టైమ్ దానికే సరిపోతుంది కాబట్టి నేరుగా విషయంలోకి వస్తాను.

హన్మకొండలో క్రీడా దినోత్సవం పెట్టుకుని టెన్నిస్ గురించి మాట్లాడమన్నారు. మన దగ్గర కబడ్డీ ఉంది, ఖోఖో ఉంది, అథ్లెటిక్స్ అయితే చెప్పనే అక్కర్లేదు, పర్వతగిరి మండలం కల్లెడ నుంచి వెళ్లిన జీవాంజి దీప్తి పారిస్ పారాలింపిక్స్‌లో 400 మీటర్ల పరుగులో కాంస్యం తెచ్చింది. టెన్నిస్ కోర్టులు మాత్రం మన ఊళ్లో వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. అయినా సానియా మీర్జా గురించే చెప్తాను, ఎందుకంటే ఆమె కథను మనం సగమే చెప్పుకుంటాం. గెలిచిందని చెప్తాం, వివాదాలు చెప్తాం, పెళ్లి గురించి కావాల్సిన దానికన్నా ఎక్కువే చెప్తాం. కానీ ఆమె కెరీర్‌లో అన్నిటికన్నా పెద్ద నిర్ణయం సింగిల్స్‌ను, అంటే ఒంటరిగా ఆడే ఆటను వదిలేయడం. నేను చెప్పదలచుకున్నది దాని గురించి.

ముందు కొంచెం వెనక్కి వెళ్దాం. మీలో చాలామంది అప్పటికి పుట్టలేదు. 2003లో పదహారేళ్ల సానియా రష్యా అమ్మాయి అలీసా క్లెబనోవాతో కలిసి వింబుల్డన్ బాలికల డబుల్స్ గెలిచింది. 2005 జనవరిలో ఆస్ట్రేలియన్ ఓపెన్‌లో మూడో రౌండ్ దాకా వెళ్లి సెరెనా విలియమ్స్ చేతిలో 6-1, 6-4తో ఓడింది. ఓడింది కదా, అందులో గొప్పేముంది అనుకోకండి. ఆ టోర్నీ కప్పు ఎత్తింది సెరెనానే, ఆమె మీద రెండో సెట్‌లో నాలుగు గేములు తీసుకుంది మన పట్నం పిల్ల. వచ్చే నెలలోనే హైదరాబాద్‌లో, సొంత జనం ముందు, బొండారెంకోను ఓడించి డబ్ల్యూటీఏ, అంటే ప్రపంచ మహిళల టెన్నిస్ సంఘం, సింగిల్స్ టైటిల్ కొట్టింది. అంతకు ముందు ఏ భారతీయురాలికీ అది దక్కలేదు. ఆ తర్వాత దుబాయ్‌లో, అప్పటి యూఎస్ ఓపెన్ చాంపియన్ కుజ్నెత్సోవాను 6-4, 6-2తో వరస సెట్లలో ఇంటికి పంపింది. సెప్టెంబర్ వచ్చేసరికి యూఎస్ ఓపెన్ నాలుగో రౌండ్‌లో షరపోవాతో ఆడుతోంది. ఆ ఒక్క ఏడాదిలో దేశం మొత్తానికి ఆమె ముక్కుపుడక కూడా వార్త అయిపోయింది.

ఈ ఆటంతా దేని మీద నడిచిందో తెలుసా? ఫోర్‌హ్యాండ్ మీద. సర్వీస్ మామూలుగా ఉండేది, కోర్టులో అటూ ఇటూ కదలడంలో చాలామంది ఆమెకన్నా చురుకు. కానీ బంతి కుడిచేతి వైపు పడిందంటే అవతలివాళ్ల పని అయిపోయినట్టే. చివరి క్షణంలో మణికట్టును విరిచినట్టు తిప్పి కొట్టేది. అంత చిన్న కదలికలోంచి అంత వేగం వచ్చేది కాబట్టే బంతి ఎటు వస్తుందో ఎదుటివాళ్లకు అందేది కాదు. 2007 ఆగస్టులో సింగిల్స్‌లో 27వ ర్యాంకుకు చేరింది. ఆ స్థానానికి ఇప్పటిదాకా మరో భారతీయురాలు దగ్గరకు కూడా రాలేదు.

తర్వాత ఆ మణికట్టే దెబ్బతిన్నది. 2008లో కుడి మణికట్టు గాయం, బీజింగ్ ఒలింపిక్స్‌లో మొదటి రౌండ్ మధ్యలోనే ఆట ఆపేసి బయటకు రావాల్సి వచ్చింది, ఆ ఏడాది ఆపరేషన్ కూడా అయింది. దువ్వెన పట్టుకుని తల దువ్వుకోలేని రోజులు కూడా ఉన్నాయని తర్వాత ఆమే చెప్పింది. రాకెట్ సంగతి వదిలేయండి, దువ్వెన! మోకాలి బాధ దానికి అదనం.

ఇక్కడ ర్యాంకు ఎలా నడుస్తుందో మీకు చెప్పాలి, లేకపోతే గాయం ఎంత నష్టమో అర్థం కాదు. టెన్నిస్‌లో పాయింట్లు 52 వారాలే ఉంటాయి. పోయిన ఏడాది ఈ వారం మీరు గెలిచిన పాయింట్లు ఈ ఏడాది ఇదే వారం జాబితాలోంచి పోతాయి, మళ్లీ ఆడి తెచ్చుకోవాలి. అంటే ర్యాంకు సొంతిల్లు కాదు, అద్దె కట్టినన్నాళ్లే మనది. నాలుగైదు నెలలు మంచం మీద ఉన్నారనుకోండి, కొత్తవి రావు, పాతవి ఒక్కొక్కటే జారిపోతుంటాయి, తిరిగొచ్చేసరికి పెద్ద టోర్నీలో నేరుగా చోటు దొరకదు, ముందు క్వాలిఫయింగ్ అనే అర్హత మ్యాచులు ఆడి లోపలికి రావాలి. నయం కాని చేత్తో ఇంకా ఎక్కువ మ్యాచులు ఆడాలన్నమాట. బాగా ఆడే చాలామంది ఈ చక్రంలో ఇరుక్కుని కనిపించకుండా పోయారు.

కోర్టు బయట గోల ఇంకో పక్క. 2005లో స్కర్టు పొడుగు మీద పంచాయితీ, 2007 చివర్లో మక్కా మసీదు దగ్గర యాడ్ షూటింగ్ గొడవ, తర్వాత జాతీయ జెండాను అవమానించిందని కేసు. విసిగిపోయి 2008లో బెంగళూరు టోర్నీలో ఆడనని చెప్పేసింది. మగ ప్లేయర్ నిక్కరు ఎంత పొడుగుందో ఎవరైనా కొలిచారా? నేనైతే వినలేదు.

ఈ అవస్థలోనే 2009 జనవరిలో మహేశ్ భూపతితో కలిసి ఆస్ట్రేలియన్ ఓపెన్ మిక్స్‌డ్ డబుల్స్, అంటే ఆడ, మగ జంటగా ఆడే ఆట, గెలిచింది, 2012లో అదే భూపతితో ఫ్రెంచ్ ఓపెన్. అంతా బాగుంది అనుకునేలోపే లండన్ ఒలింపిక్స్‌లో ఎవరితో ఎవరు ఆడాలన్న మగ ప్లేయర్ల తగాదా వచ్చింది, దాన్ని సర్దడానికి తనను ఎరగా వాడారని ఆమె బహిరంగంగా ప్రకటన ఇచ్చింది. టెన్నిస్ సంఘం మీద అప్పట్లో అంత సూటిగా మాట్లాడినవాళ్లు తక్కువ.

సరే, ఇప్పుడు అసలు సంగతి. 2013లో, ఇరవై ఆరేళ్ల వయసులో, సింగిల్స్ ఆపేసింది. ఆ వయసులో అందరూ సింగిల్స్‌లోనే ఇంకో మెట్టు కోసం చూస్తారు. మన జనం ఏమన్నారు? సింగిల్స్‌లో పని అయిపోయింది, డబుల్స్‌లో కాలక్షేపం చేస్తోంది అన్నారు. డబ్బు లెక్కన చూసినా అది చిన్న త్యాగం కాదు. 2015 వింబుల్డన్‌లో సింగిల్స్ విజేతకు 18 లక్షల 80 వేల పౌండ్లు ఇస్తే, మహిళల డబుల్స్ గెలిచిన జంటకు ఇద్దరికీ కలిపి 3 లక్షల 40 వేలే. పేరూ తక్కువ, పైసలూ తక్కువ, టీవీలో చూపించేది కూడా తక్కువ. కానీ ఆమె లెక్క వేరు. చేయి రోజుకు ఎన్ని దెబ్బలు తట్టుకుంటుందో ఆ చేయికి తెలుసు. డబుల్స్‌లో సగం కోర్టు చూసుకుంటే చాలు, ఉన్న ఫోర్‌హ్యాండ్‌ను ఇంకొన్నేళ్లు కాపాడుకోవచ్చు, కాళ్ల వేగంలో ఉన్న లోటును పార్ట్‌నర్ పూడుస్తుంది. బలం ఎక్కడుందో చూసుకుని, అది పనికొచ్చే ఆటలోకి మారిపోయింది.

2014లో బ్రూనో సోరెస్‌తో యూఎస్ ఓపెన్ మిక్స్‌డ్, కారా బ్లాక్‌తో సింగపూర్‌లో ఏడాది ఆఖరి ఫైనల్స్. 2015 మార్చి నుంచి మార్టినా హింగిస్ జోడీ. హింగిస్ ఎవరంటే, 2006లో కోల్‌కతాలో సానియాను చిత్తు చేసి, ఆ వెంటనే సియోల్‌లో సానియా చేతిలోనే ఓడిన మనిషి. సానియా వెనక నుంచి ఫోర్‌హ్యాండ్‌తో దంచుతుంటే హింగిస్ నెట్ దగ్గర కాచుకుని, తేలిపోయి వచ్చిన బంతిని టక్కున కోసేసేది. ఇండియన్ వెల్స్, మయామి, చార్ల్‌స్టన్ మూడూ వరసగా గెలిచారు, ఏప్రిల్ 13న సానియా డబుల్స్‌లో ప్రపంచ నంబర్ వన్. అన్నీ కలిపి 91 వారాలు ఆ స్థానంలో ఉంది.

ఆ ఏడాది వింబుల్డన్ ఫైనల్ మీరెవరైనా మొబైల్‌లో దొరికితే చూడండి, మూడో సెట్ మాత్రం వదలకండి. అవతల మకరోవా, వెస్నినా. మొదటి సెట్ 5-7తో పోయింది, రెండోది 6-6 అయ్యాక ఆడే టైబ్రేక్‌లో దక్కింది. మూడో సెట్‌లో 2-5 వెనకబడ్డారు, ఇంకొక్క గేమ్ పోతే కథ ముగిసినట్టే. అక్కడి నుంచి మూడు గేములు వరసగా లాగి 5-5 చేశారు. అప్పటికే చీకటి పడుతోంది, ఆట ఆపి సెంటర్ కోర్టు పైకప్పు మూసి లైట్లు వేశారు. ఊపు మీదున్నవాళ్లను అట్ల మధ్యలో కూర్చోబెడితే ఎంత టెన్షన్ ఉంటుందో ఆడినవాళ్లకు తెలుసు. మళ్లీ వచ్చి రెండు గేములూ తీసుకుని 7-5తో ముగించారు. వింబుల్డన్ మహిళల డబుల్స్‌లో భారతీయురాలి పేరు ఎక్కడం అదే మొదటిసారి. తర్వాత యూఎస్ ఓపెన్, 2016లో ఆస్ట్రేలియన్ ఓపెన్, వరసగా 41 మ్యాచుల గెలుపు, ఫిబ్రవరిలో దోహాలో ఆగింది. ఆ ఆపిన జంటలో వెస్నినా ఉంది చూడండి, బాకీ తీర్చుకుంది.

తెలంగాణ వచ్చిన కొత్తలో, 2014 జులైలో, ప్రభుత్వం ఆమెను బ్రాండ్ అంబాసిడర్‌గా పెట్టి కోటి రూపాయలు ఇచ్చింది. పాకిస్తాన్ క్రికెటర్‌ను పెళ్లి చేసుకుంది కాబట్టి, పరాయి దేశపు కోడలు మనకెందుకని ఒక నాయకుడు అన్నాడు. తన కుటుంబం నూరేళ్లకు పైగా హైదరాబాద్‌ది అని ఆమె జవాబు చెప్పుకోవాల్సి వచ్చింది. ఆమె గెలిచిన ఆరు గ్రాండ్‌స్లామ్‌లలో, అంటే ఆస్ట్రేలియన్, ఫ్రెంచ్, వింబుల్డన్, యూఎస్ ఓపెన్ కప్పులలో, నాలుగు ఆ మాట తర్వాత గెలిచినవే. 2016లో నంబర్ వన్‌గా ఉన్నప్పుడు టీవీ ఇంటర్వ్యూలో ఎప్పుడు సెటిల్ అవుతావని అడిగారు, ఇంకేం కావాలి నేను సెటిల్ అయినట్టు కనపడటానికి అన్న అర్థంలో ఆమె గట్టిగానే అడిగింది, ఆ జర్నలిస్టు అక్కడికక్కడే క్షమాపణ చెప్పాడు. వెనక వరసలో అమ్మానాన్నలు ఉన్నారు కాబట్టి చెప్తున్నా, ఇంటర్ రెండో ఏడాదిలో గ్రౌండ్‌కు రావడం మానేసే అమ్మాయిలను మేము ప్రతి ఏడాదీ చూస్తాం, సెటిల్ అవ్వడం అనే మాట వాళ్లకు ఎంసెట్ ముందే వినపడటం మొదలవుతుంది.

దొరకనిదీ ఉంది. నాలుగు ఒలింపిక్స్ ఆడింది, పతకం రాలేదు. 2016లో రియోలో మన రోహన్ బోపన్నతో మిక్స్‌డ్ సెమీఫైనల్‌లో మొదటి సెట్ 6-2తో గెలిచి, వీనస్ విలియమ్స్, రాజీవ్ రామ్ జంట మీద రెండో సెట్ పోగొట్టుకుని, మూడో సెట్ బదులు ఆడే పది పాయింట్ల సూపర్ టైబ్రేక్‌లో 3-10తో ఓడారు, కాంస్యం మ్యాచ్ కూడా పోయింది. దీన్ని మెత్తగా చెప్పడానికి నా దగ్గర మాట లేదు, చేతికి వచ్చింది జారిపోయింది అంతే. హింగిస్‌తో జోడీ కూడా అదే ఆగస్టులో విడిపోయింది.

2018 అక్టోబర్‌లో కొడుకు పుట్టాడు. తర్వాత 26 కిలోలు తగ్గి 2020 జనవరిలో హోబర్ట్‌లో, తిరిగొచ్చిన మొదటి టోర్నీలోనే, నదియా కిచెనోక్‌తో డబుల్స్ టైటిల్ కొట్టింది. ఆపేది తన ఇష్టం ప్రకారం ఆపాలని అనుకుంది కాబోలు. 2023 ఆస్ట్రేలియన్ ఓపెన్ మిక్స్‌డ్ ఫైనల్‌లో మళ్లీ బోపన్న పక్కన నిలబడింది. ఆమెకు పద్నాలుగేళ్లప్పుడు మొదటి మిక్స్‌డ్ పార్ట్‌నర్ కూడా బోపన్నే, అప్పుడు నేషనల్స్ గెలిచారు, ఇప్పుడు ఫైనల్ ఓడారు. ఫిబ్రవరిలో దుబాయ్‌లో మొదటి రౌండ్‌లోనే ఓడి ప్రొఫెషనల్ ఆటకు సెలవు చెప్పింది, మార్చి 5న ఎల్బీ స్టేడియంలో మన జనం ముందు వీడ్కోలు మ్యాచ్ ఆడింది. కప్పుతో ముగిస్తే బాగుండేది అన్నవాళ్లున్నారు. 43 డబుల్స్ టైటిళ్లు గెలిచిన మనిషికి నలభై నాలుగోది లేకపోతే ఏమైందో నాకైతే అర్థం కాదు.

ఆ మార్చిలోనే మహిళల క్రికెట్ లీగ్‌లో బెంగళూరు జట్టుకు మెంటర్‌గా కూర్చుంది. జట్టు మొదటి ఐదు మ్యాచులూ ఓడింది! ఓటములతో మనిషికి ఉన్న పరిచయం అక్కడ పనికొచ్చే ఉంటుంది. సరే, మైకు కిందికి పంపిస్తున్నా, టెన్నిస్ మీద గానీ ఇంకేదాని మీద గానీ అడగండి. అమ్మాయిలు ముందు అడగాలి, సార్లు తర్వాత.