చెన్నై ఎండలో పాత పోర్షే 911: తీసేసిన ఏసీని మళ్లీ పెట్టిస్తే ఎలా ఉంది?

ప్రేక్షకులందరికీ నమస్కారం. ఈ రివ్యూలో మన ముందున్నది 1982 నాటి పోర్షే 911 ఎస్‌సీ. అయితే ఈ రోజు కారు గురించి తక్కువగా, అందులోని ఏసీ గురించి ఎక్కువగా మాట్లాడతాను. ఈ కారు యజమాని నెల్లూరు నుంచి వచ్చి చెన్నై అన్నానగర్‌లో స్థిరపడిన పెద్దాయన, నాకు బాబాయి వరస అవుతారు. ఇరుంగాట్టుకోట్టై ట్రాక్ మీద నడిపే రోజుల్లో ఆయన ఇందులోని ఏసీని పూర్తిగా తీయించేశారు. ఇప్పుడు పిన్నిగారిని పక్కన కూర్చోబెట్టుకుని ఈసీఆర్ మీదుగా పుదుచ్చేరి వెళ్లిరావాలంటే (ఈసీఆర్ అంటే చెన్నై నుంచి తీరం వెంట సాగే ఈస్ట్ కోస్ట్ రోడ్డు) ఏసీ లేకుండా కుదరదని, కొత్త భాగాలతో మళ్లీ పెట్టించారు.

నా తీర్పు ముందే చెబుతాను. ఈ కారులో చల్లదనం గ్యాస్‌ను నొక్కి తిప్పే కంప్రెసర్ వల్ల కన్నా, ఆ గ్యాస్ వేడిని బయటికి వదిలే కండెన్సర్ వల్లనే ఎక్కువగా తేలుతుంది. లోపలి వేడిని బయట ఎక్కడ పారబోస్తున్నామన్నదే అసలు ప్రశ్న. దానికి జవాబు వెతకకుండా కొత్త కంప్రెసర్‌కు డబ్బు పోసేవారు ఏప్రిల్ రాగానే మళ్లీ ఏసీ మెకానిక్ దగ్గరికి వెళ్లవలసి వస్తుంది.

ఎందుకో చూద్దాం. 911లో ఇంజిన్ వెనక ఉంటుంది. ఈ పాత మోడల్లో నీళ్ల రేడియేటర్ లేదు. గాలి, ఆయిల్ కలిసి ఇంజిన్‌ను చల్లబరుస్తాయి. ఏసీ కంప్రెసర్ ఇంజిన్‌తో పాటు వెనకే ఉంటుంది గానీ, క్యాబిన్ గాలిని చల్లబరిచే ఎవాపరేటర్ మాత్రం ముందు డిక్కీ కింద ఉంటుంది. కండెన్సర్లు రెండు: ఒకటి ముందు బంపర్ వెనక, రెండోది ఇంజిన్ మూత కింద. ఈ నాలుగింటినీ కలుపుతూ గ్యాస్ గొట్టాలు కారు పొడవునా పాకుతాయి. గొట్టం ఎంత పొడవైతే గ్యాస్ కారిపోయే అవకాశం అంత ఎక్కువ.

ఇంజిన్ మూత కింద ఉన్న కండెన్సర్ దగ్గరే అసలు చిక్కు. ఇంజిన్ ఫ్యాన్ పీల్చే గాలి దాని గుండా వెళ్లాలి. అంటే క్యాబిన్ నుంచి తీసిన వేడిని నేరుగా ఇంజిన్‌ను చల్లబరచవలసిన గాలిలోనే కలుపుతున్నారన్న మాట. వంటింటి పొగను పడకగదిలోకి వదిలినట్టు. అది చాలదన్నట్టు, ఆ ఫ్యాన్ ఇంజిన్ బెల్టుతో తిరుగుతుంది కాబట్టి కారు ఆగినప్పుడు, అంటే గాలి అత్యవసరమైనప్పుడు, నెమ్మదిగా తిరుగుతుంది. యూరప్‌లో వేగంగా సాగిపోయే రహదారులకు ఈ అమరిక సరిపోయి ఉండవచ్చు. మే నెల మధ్యాహ్నం మధ్య కైలాష్ సిగ్నల్ దగ్గర నిలబడినవారికి ఇది సరిపోదు. నుంగంబాక్కంలో 2003 మే 31న 45 డిగ్రీలు నమోదైన ఊరు ఇది.

ఇక తీసేయడం గురించి. బాబాయి తీయించడంలో తర్కం లేకపోలేదు. పాత యార్క్ కంప్రెసర్ రెండు పెద్ద పిస్టన్లతో పనిచేసే బరువైన యంత్రం. అది ఆన్ అయినప్పుడు ఇంజిన్‌లో కుదుపు స్పష్టంగా తెలుస్తుంది. దాని అడ్డు లేకపోతే వాల్వులు సరిచేయడానికీ, ప్లగ్గులు మార్చడానికీ చేయి సులువుగా దూరుతుంది. సుమారు 1160 కిలోల కారు నుంచి కొన్ని పదుల కిలోలు తగ్గడం ట్రాక్ మీద చిన్న విషయం కాదు. పోర్షే కూడా 1987లో తెచ్చిన కరెరా క్లబ్‌స్పోర్ట్‌లో ఏసీ, వెనక సీట్ల వంటివి తొలగించి బరువు తగ్గించింది. అయితే ఆ కారును ఎవరూ పాండీ బజార్‌లో పార్కింగ్ కోసం తిప్పరు.

తీయదలచుకున్నవారు పద్ధతిగా తీయించండి. గ్యాస్‌ను గాలిలోకి వదిలేయకుండా రికవరీ యంత్రంతో సిలిండర్‌లోకి పట్టించాలి, ఎందుకంటే పాత ఏసీ గ్యాస్ ఆర్‌-12 ఓజోన్ పొరను తినే సీఎఫ్‌సీ రకం రసాయనం. విప్పిన ప్రతి గొట్టం నోటికీ వెంటనే మూత బిగించాలి. తీర ప్రాంతపు తేమ ఒక్క రాత్రిలోనే లోపలికి చేరుతుంది, తరువాత అది ఆమ్లమై లోహాన్ని తినేస్తుంది. అన్నిటికన్నా ముఖ్యంగా బ్రాకెట్, బోల్టులు, కప్పీలు, స్విచ్‌లు ఒక పెట్టెలో పేర్లు రాసి దాచాలి. బాబాయి ఆ పెట్టెను అటక మీద భద్రంగా ఉంచబట్టే ఈ రోజు ఈ రివ్యూ సాధ్యమైంది. ఎస్‌సీ బ్రాకెట్ కోసం చెన్నైలో పాత విడిభాగాలు అమ్మే పుదుప్పేట్టైలో తిరిగితే కాళ్ల నొప్పులు తప్ప మరేమీ దొరకదు.

ఇప్పుడు గ్యాస్ సంగతి. 1987 నాటి మాంట్రియల్ ఒప్పందం ప్రకారం మన దేశంలోనూ 2010 నాటికి సీఎఫ్‌సీలకు తెర పడింది. కాబట్టి ఈ కారును ఆర్‌-134ఏ అనే కొత్త గ్యాస్‌కు మార్చారు. చాలా గ్యారేజీల్లో దీన్ని గ్యాస్ మార్చడంగానే చూస్తారు, కానీ అది నిజం కాదు. పాత వ్యవస్థలోని మినరల్ ఆయిల్ ఆర్‌-134ఏతో కలవదు. అది ఎక్కడో ఒక మూల పేరుకుపోతే కంప్రెసర్‌కు ఆయిల్ అందక పట్టేస్తుంది. అందుకే పాత ఆయిల్‌ను పూర్తిగా కడిగించి పీఏజీ లేదా ఎస్టర్ ఆయిల్ పోయాలి. గ్యాస్‌లోని తేమను పీల్చే రిసీవర్ డ్రయర్ కొత్తది పెట్టాలి. గొట్టాల అతుకుల్లోని ఓ-రింగులన్నీ హెచ్‌ఎన్‌బీఆర్ అనే రబ్బరు రకానికి మార్చాలి. పాత రబ్బరు గొట్టాల గుండా కొత్త గ్యాస్ అణువులు మెల్లగా జారిపోతాయి కాబట్టి, లోపల నైలాన్ పొర ఉన్న బ్యారియర్ గొట్టాలు వేయించాలి. ఈ కారులో ఖర్చు ఎక్కువగా అయింది ఈ గొట్టాలకూ, వాటిని కారు అడుగున అమర్చడానికి పట్టిన పనికీ.

పీడనంలోనూ తేడా ఉంది. కండెన్సర్‌లో గ్యాస్ 60 డిగ్రీల వద్ద ద్రవంగా మారుతున్నప్పుడు ఆర్‌-12 పీడనం సుమారు 15 బార్ ఉంటే, ఆర్‌-134ఏ పీడనం 17 బార్‌కు దగ్గరగా ఉంటుంది. వేడి సరిగా పోకపోతే ఉష్ణోగ్రతా, పీడనమూ కలిసి పైకి పోతాయి, కంప్రెసర్ మరింత శ్రమ పడుతుంది, వెంట్ నుంచి వచ్చే గాలి మాత్రం గోరువెచ్చనవుతుంది. పాత కండెన్సర్లతో కొత్త గ్యాస్ నింపించుకుని తిట్టుకునేవారి సమస్య ఇదే.

ఈ కారులో నాకు బాగా నచ్చిన నిర్ణయం ఇక్కడే ఉంది. ఇంజిన్ మూత కింది కండెన్సర్‌ను పూర్తిగా తొలగించారు. ముందు భాగంలో పాత గొట్టపు కండెన్సర్ స్థానంలో ప్యారలల్ ఫ్లో కండెన్సర్ పెట్టారు. అందులో గ్యాస్ సన్నని దారులుగా చీలి ప్రవహిస్తుంది కాబట్టి అంతే చోటులో ఎక్కువ వేడిని వదులుతుంది. వెనక ఎడమ చక్రం గూడులో, సొంత విద్యుత్ ఫ్యాన్‌తో మరొక కండెన్సర్ బిగించారు. దీంతో ఇంజిన్‌కు శుభ్రమైన గాలి అందుతోంది, కారు ఆగి ఉన్నా కండెన్సర్‌కు గాలి ఆగడం లేదు. చక్రం నుంచి ఎగిరే బురదకు అడ్డుగా పెట్టిన జాలీ మాత్రం నాకు పల్చగా కనిపించింది. వానాకాలానికి ముందే దాన్ని మార్చించమని బాబాయికి చెప్పాను.

పాత కంప్రెసర్ స్థానంలో ఐదు చిన్న పిస్టన్లున్న 138 సీసీ శాండెన్ కంపెనీ కంప్రెసర్ వచ్చింది. కుదుపు దాదాపు లేదు. విద్యుత్ కంప్రెసర్ ఎందుకు పెట్టలేదని అడిగేవారికి చిన్న లెక్క: దానికి 1500 వాట్లు కావాలంటే 12 వోల్టుల వద్ద 125 ఆంపియర్లు లాగుతుంది, కాగా కారులో కరెంటు పుట్టించే ఆ కాలపు ఆల్టర్నేటర్ మొత్తం సామర్థ్యమే అంతకన్నా తక్కువ.

ఫలితానికి వద్దాం. బయట 37 డిగ్రీలు ఉన్న మధ్యాహ్నం తిరువాన్మియూర్ దాటి ఈసీఆర్ మీద సాగుతున్నప్పుడు మధ్య వెంట్‌లో థర్మామీటర్ 9 డిగ్రీల దగ్గర నిలిచింది. సిగ్నల్ వద్ద ఆగితే 14 దాకా ఎక్కి, కదలగానే దిగింది. ఆధునిక కార్లతో పోల్చుకుంటే ఇది గొప్ప ఏమీ కాదు, కానీ పాత 911తో పోల్చుకుంటే చాలా పెద్ద మార్పు. బలహీనత ఇంకా గాలి పరిమాణంలో ఉంది. డ్యాష్‌బోర్డు వెంట్లు చిన్నవి, బ్లోయర్‌ను శక్తిమంతమైనది వేసినా శబ్దం పెరిగినంతగా గాలి పెరగలేదు. వెనక ఫ్యాన్ తిరిగే చప్పుడు కూడా ఆ ఆరు సిలిండర్ల శబ్దాన్ని ప్రేమించేవారికి కొంచెం చికాకు కలిగిస్తుంది.

చెన్నైలో ఉష్ణోగ్రత ఒక్కటే చూస్తే పొరపాటు. ఎవాపరేటర్ మీద గంటకు ఒక లీటరు నీరు కారిందంటే, ఆ తేమను నీరుగా మార్చడానికే దాదాపు 680 వాట్ల శీతలీకరణ ఖర్చయినట్టు. అందువల్ల తలుపుల రబ్బర్లు పాడైన కారులో ఎంత మంచి ఏసీ పెట్టినా, బయటి తడిగాలిని ఆరబెట్టడంతోనే దాని పని సరిపోతుంది. 911కు మరొక ప్రత్యేక రోగం ఉంది: దాని హీటర్ ఎగ్జాస్ట్ చుట్టూ వేడెక్కిన గాలిని క్యాబిన్‌లోకి తెస్తుంది, ఆ గాలిని ఆపవలసిన ఫ్లాప్‌లు తుప్పు పట్టి సరిగా మూసుకోకపోతే మండుటెండలో హీటర్ నడుస్తూనే ఉంటుంది. ఈ కారులో వాటిని బాగుచేయించారు. పెద్దగా ఖర్చు లేకుండా పెద్ద తేడా తెచ్చింది అదే.

అసలు రూపం చెడిపోలేదా అన్న సందేహం న్యాయమైనదే. 2021లో వచ్చిన నిబంధనల ప్రకారం తొలి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు దాటి, ఛాసిస్, బాడీ, ఇంజిన్‌లలో పెద్ద మార్పులు లేని కారునే వింటేజ్‌గా నమోదు చేస్తారు. ఈ కారు ఆ అర్హత వయసుకు 2032లో చేరుతుంది. అందుకే బాడీలో కొత్త రంధ్రం ఒక్కటీ వేయకుండా, ఉన్న బోల్టు రంధ్రాలకే బ్రాకెట్లు చేయించారు. ఈ విషయంలో బాబాయి పట్టుదలకు పూర్తి మార్కులు వేస్తాను.

ఇలాంటి పని చేయించుకునేవారు గ్యాస్ నింపేముందు అరగంటకు తగ్గకుండా వాక్యూమ్ పంపు నడిపించండి. గ్యాస్‌ను గేజీ చూసి అంచనాగా కాక, త్రాసు మీద తూకం వేసి, పాత ఆర్‌-12 కొలతలో 80 నుంచి 90 శాతం మాత్రమే నింపించండి. లీకు ఆపుతుందని చెప్పి డబ్బాలో అమ్మే సీలెంట్‌ను, ఎల్‌పీజీ కలిపిన చవక గ్యాస్‌ను దగ్గరికి రానివ్వకండి. తరువాత డిసెంబరులో అవసరం లేకపోయినా, వారానికోసారి పది నిమిషాలు ఏసీ వేయండి. కంప్రెసర్ షాఫ్ట్ సీలుకు ఆయిల్ అందేది అలాగే.