టైల్ లెవెలింగ్ క్లిప్పులు వంకర గోడని సరిచేస్తాయా? బాత్రూంలో వాడి చెప్తున్న రివ్యూ

నమస్కారం అండీ. ముందే చెప్పేస్తా, ఈ లెవెలింగ్ క్లిప్పుల డబ్బా నాకు ఊరికే వచ్చింది. కంపెనీ వాళ్లే పంపారు. డబ్బులు ఇవ్వలేదు, వీడియో ముందుగా చూపించమని కూడా అడగలేదు. అడిగుంటే వాళ్లకే బాగుండేదేమో, ఎందుకంటే ఈ డబ్బా మీద వేసిన బొమ్మతో నాకో పేచీ ఉంది. దాని సంగతికి వస్తా.

లోపల ఏమేం ఉన్నాయి, రేటెంత, ఇవన్నీ మీరు ఇప్పటికే ఎక్కడో చూసే ఉంటారు. తెల్ల క్లిప్పులు, ఎర్ర వెడ్జిలు, ఒక ప్లయరు, అంతే. మనం నేరుగా బాత్రూంలోకి పోదాం.

ఇది బెజవాడలో మా పాత ఇంటి మేడ మీద బాత్రూం. నాలుగున్నర అంగుళాల ఇటుక గోడ. గీజర్ కోసం ఒకసారి గాడి కొట్టారు, పూడ్చారు. పాత జీఐ ఇనుప పైపులు తీసేసి సీపీవీసీ ప్లాస్టిక్ పైపులు వేసినప్పుడు మళ్లీ కొట్టారు, మళ్లీ పూడ్చారు. ఉత్త కంటికి గోడ బానే కనిపిస్తుంది. ఇప్పుడు చూడండి, ఆరడుగుల అల్యూమినియం బద్ద గోడకి ఆనిస్తున్నా. లైటు ఆపేసి బద్ద వెనకాల నుంచి ఫోన్ టార్చి వేస్తున్నా. కనిపిస్తోందా వెలుతురు? ఇక్కడ మధ్యలో అసలు లేదు, గోడ బద్దని తాకుతోంది. అంటే ఇక్కడ ఉబ్బు ఉంది. ఆ చివరికి పోయేసరికి నా వేలు దూరేంత సందు. పైనుంచి గుండు దారం వేలాడదీస్తే కిందకి వచ్చేసరికి 18 మిల్లీమీటర్ల తేడా.

ఇప్పుడు డబ్బా మీద బొమ్మ చూడండి. వంకర గోడ, దాని మీద క్లిప్పులు పెట్టిన టైల్స్, పక్కన అద్దంలా చదునైన గోడ, మధ్యలో బాణం గుర్తు. ఇదీ నా పేచీ. ఈ క్లిప్పు చేసే పని అది కాదండీ!

క్లిప్పు ఏం చేస్తుందో దగ్గరగా చూపిస్తా. ఈ అడుగు భాగం టైలు వెనక్కి పోతుంది. ఈ నిలువు ముక్క రెండు టైల్స్ మధ్య జాయింటులోంచి బయటికి వస్తుంది. దీని బొక్కలోకి వెడ్జి తోసి ప్లయరుతో నొక్కితే, అటు టైలు అంచు, ఇటు టైలు అంచు ఒకే మట్టానికి వస్తాయి. అంచు అంచుకి కలుస్తుంది, అంతవరకే. వరసలో నిలబడ్డ పిల్లల భుజాలు కలిపినట్టు. లైనే వంకరగా గీస్తే, భుజాలు కలిపినా లైను వంకరే కదా? గోడ ఉబ్బి ఉంటే టైల్స్ అన్నీ ఎంతో అందంగా, ఒక్క అంచు కూడా లేవకుండా, ఆ ఉబ్బు మీదే ఎక్కి దిగుతాయి.

మా నాన్నగారి టైం నుంచి మా ఇంటి పనులు చేస్తున్న మేస్త్రి బాబాయ్ ఉన్నాడు. ఇప్పుడు పని మానేశాడు, కానీ నేను తాపీ పట్టానని తెలిసి చూడ్డానికొచ్చాడు. బద్ద పెట్టి చూశాడు, ఈ డబ్బా తిప్పి చూశాడు. "గోడ వంకర ప్లాస్టిక్ ముక్కకేం తెలుసురా? ముందు గోడ సంగతి చూడు" అన్నాడు. రివ్యూ అక్కడే అయిపోయింది నిజానికి.

కొత్తగా చేసేవాళ్లు ఇక్కడ ఇంకో దారి వెతుకుతారు. "గుంట ఉన్నచోట అడెసివ్, అదే టైలు అతికించే జిగురు, కాస్త దట్టంగా పెడితే పోలా?" అని. పోదండీ. ఈ అడెసివ్‌లు పల్చగా వేయడానికి చేసినవి. ఎంత మందం వరకు వేయొచ్చో బస్తా మీదే రాసి ఉంటుంది, మామూలు రకాల్లో అది మిల్లీమీటర్ల లెక్కే. 18 మిల్లీమీటర్ల గుంటని దాంతో పూడిస్తే ఎండేటప్పుడు కుంచించుకుపోయి టైలుని లోపలికి లాగుతుంది, లేదా బరువుకి టైలు కిందకి జారుతుంది. పైగా ఖర్చు! ఆ పని చేయాల్సింది సిమెంటూ ఇసకా.

మేం ఏం చేశామంటే, ఉబ్బున్నచోట ఉలితో చెక్కేశాం. మిగతా గోడ మీద అక్కడక్కడా చిన్న టైలు ముక్కలు అతికించి, వాటి ముఖాలన్నీ గుండు దారానికి కలిపాం. ఆ ముక్కలే మట్టం గుర్తులు. వాటి మధ్య ఒక పాలు సిమెంటుకి నాలుగు పాళ్ల ఇసక కలిపిన మాలు కొట్టి, బద్దతో లాగేశాం. లోతు ఎక్కువున్న వైపు ఒకేసారి కాకుండా రెండు కోటింగులు. వారం పాటు నీళ్లు కొట్టాం, బాగా ఆరనిచ్చాం. ఈ పనిలో క్లిప్పు పాత్ర సున్నా. కానీ మీ బాత్రూం చివరికి ఎలా కనిపిస్తుందో ముప్పాతిక వంతు ఇక్కడే తేలిపోతుంది.

సరే, గోడ చదునైంది. ఇప్పుడు క్లిప్పులకి న్యాయం చేద్దాం, ఎందుకంటే ఇక్కడ నుంచి నాకు ఇవి తెగ నచ్చేశాయి.

నేను వేసింది రెండడుగులు బై ఒక అడుగు విట్రిఫైడ్. ఈ పొడుగు టైల్స్ రెండిటిని ఎదురెదురుగా ముఖాలు కలిపి పట్టుకోండి, మధ్యలో సన్నటి తేడా కనిపిస్తుంది. కాలేటప్పుడు కాస్త వంపు తిరుగుతాయి, అది సహజం. అందుకే ఇటుక వరసలా సగానికి సగం జరిపి వేస్తే, ఒక టైలు నడుము పక్కన ఇంకో టైలు చివర వచ్చి అంచు లేస్తుంది. రీల్స్ చూసి అదే డిజైన్ కావాలనుకుంటే సగం కాకుండా మూడో వంతే జరపండి. అక్కడ ఈ క్లిప్పు నిజంగా పనికొస్తుంది. వెడ్జి కిర్రుమంటూ ఒక్కో పన్ను ఎక్కుతుంటే లేచిన అంచు కళ్ల ముందే దిగిపోతుంది. వేలితో తడిమి చూడండి, ఏమీ తగలదు. ఆ కిర్రు శబ్దం కోసమే ఇంకో గోడ వేద్దామనిపించింది, ఒట్టు!

ఇంతకుముందు నేను తిప్పే రకం వాడాను, ఇనుప పిన్ను మీద ప్లాస్టిక్ టోపీ ఉంటుంది చూడండి, అది. మళ్లీ మళ్లీ వాడుకోవచ్చని దాన్ని తెగ పొగుడుతారు. ఆ పిన్నుకి అడెసివ్ అంటుకుంటే గీకుతూ కూర్చోవాలి. టైం చూసి తీయకపోతే జాయింటులోనే బిగుసుకుపోతుంది. దాన్ని డబ్బాలో పడేసి చాలా కాలమైంది. ఇందులో క్లిప్పు పోయినా వెడ్జి మిగులుతుంది, నాకు అది చాలు.

చిరాకు లేదా? ఉంది. ఇదిగో, ఈ క్లిప్పు మెడ దగ్గర సన్నటి గీత. మర్నాడు అడెసివ్ గట్టిపడ్డాక రబ్బరు సుత్తితో కొడితే ఇక్కడే తెగాలి. జాయింటు పొడవునా కొట్టాలి, అడ్డంగా కొడితే టైలు అంచు పెచ్చు లేస్తుంది. పొడవునా కొట్టినా కొన్ని పైనే తెగి, ఆ తెల్ల మొండెం జాయింటులో మిగిలిపోయింది. జాయింట్లు నింపే గ్రౌట్ ముదురు బూడిద రంగుది వేస్తుంటే ఆ తెల్ల ముక్క పళ్లు ఇకిలిస్తుంది. బ్లేడు పెట్టి ఒక్కోటీ లాగాలి. పైకి తోసుకొచ్చిన అడెసివ్‌ని క్లిప్పు చుట్టూ తడిగా ఉండగానే తుడిచేస్తే ఈ బాధ చాలావరకు తగ్గుతుంది. కానీ ఆ గీత ఇంకో మిల్లీమీటరు కిందకి పెట్టి ఉంటే కంపెనీ సొమ్మేం పోయేది?

అడెసివ్ గురించి ఒక్క మాట. విట్రిఫైడ్ టైలు నీళ్లు పీల్చదు, అర శాతం కూడా ఉండదు. వెనకాల సిమెంటు ముద్దలు పెట్టి కొట్టే పాత పద్ధతి దీనికి పనికిరాదు, కొన్నాళ్లకి డొల్ల శబ్దం వస్తుంది, తర్వాత ఊడుతుంది. అడెసివ్ బస్తా మీద ఐఎస్ 15477 అని చూడండి, అది టైల్ అడెసివ్‌లకి మన దేశ ప్రమాణం, దాంట్లో టైపు 1 నుంచి 5 దాకా ఉంటాయి. విట్రిఫైడ్‌కి టైపు 1 తెచ్చుకోకండి. కలిపాక కాసేపు వదిలి మళ్లీ కలపండి. మా ఊరి ఎండకి గోడ మీద పూసింది ఇట్టే పొర కడుతుంది. వేలికి అంటుకోకపోతే ఆ పూత గీకి పారేయాల్సిందే, దాని మీద టైలు పెట్టి క్లిప్పు బిగిస్తే అంచు కలుస్తుందేమో గానీ టైలు పట్టదు.

కింది వరస చివర్లో వేయండి. బాత్రూం నేలకి నీళ్లు పోయే వాటం ఉంటుంది కదా, నేల మీద నుంచి మొదలుపెడితే టైల్స్ కూడా ఆ వాటంలోనే పోతాయి. రసమట్టం పెట్టి రెండో వరస అడుగున బద్ద మేకులతో కొట్టి, దాని మీద నుంచి పైకి వెళ్లండి.

నా మాట ఏంటంటే, రెండడుగులు బై ఒక అడుగు, అంతకన్నా పెద్ద టైల్స్ అయితే కళ్లు మూసుకుని కొనండి. పన్నెండు బై పద్దెనిమిది అంగుళాల సిరామిక్‌కి దండగ, జాయింటు సందు సమానంగా ఉంచే మామూలు స్పేసర్లు చాలు. గోడ వంకర అని కొంటుంటే మాత్రం ఆ డబ్బుతో ఒక బస్తా సిమెంటు తెచ్చుకోండి. బొమ్మ మార్చేదాకా ఆ డబ్బాకి నా నుంచి ఐదు స్టార్లు రావు, నాలుగే.

కామెంట్లో అడిగేవాళ్లు టైలు సైజు, బద్ద పెడితే ఎంత సందు వచ్చిందో రెండూ రాయండి. ఉత్త "అన్నా కొనొచ్చా" అంటే నేనేం చెప్పను?