బోర్డు మీద క్యాథలిక్ అని ఉంటే సరిపోతుందా? కాలేజీ వెతుక్కునే మన పిల్లలకి, వాళ్ళ అమ్మానాన్నలకి

ఫాదర్ గారికి, సిస్టర్స్‌కి, అన్నలకి అక్కలకి, ముఖ్యంగా ముందు కుర్చీల్లో కూర్చున్న ప్లస్ టూ, ఇంటర్ పిల్లలందరికీ నమస్కారం. చెన్నైలో ఈ తెలుగు పూజ అయ్యాక మీలో చాలామంది అంబత్తూరు, తాంబరం దాకా తిరిగి వెళ్ళాలని తెలుసు, అందుకే నేరుగా విషయంలోకి వస్తాను.

ఈ సీజన్ రాగానే నన్ను అందరూ అడిగేది ఒకటే, మా అమ్మాయికి లొయోలా బాగుంటుందా స్టెల్లా బాగుంటుందా, లేకపోతే బెంగళూరు పంపించి క్రైస్ట్‌లో వేయమంటారా అని. ఏదైనా మనదే కదా, ఫాదర్స్ సిస్టర్స్ నడిపేదే కదా అంటారు. మనదే, కాదనను. కానీ నడిపే సభలు, అంటే ఫాదర్స్, సిస్టర్స్ సంఘాలు వేరు, డిగ్రీ ఇచ్చేవాళ్ళు వేరు, ఫీజు వేరు, పిల్లల్ని చూసే పద్ధతి కూడా వేరు. వీటన్నిటికన్నా నాకు ముఖ్యం అనిపించేది, ఇంగ్లీష్ తడబడుతూ చేతిలో డబ్బు లేకుండా ఇంట్లో మొదటిసారి కాలేజీ గడప తొక్కే పిల్ల వస్తే ఆ కాలేజీ ఏం చేస్తుంది అన్నది. క్యాథలిక్ కాలేజీని వేరే కాలేజీతో పోల్చినా ఇంకో క్యాథలిక్ కాలేజీతో పోల్చినా నేను ముందు చూసేది ఇదే, ఎందుకో చెప్తాను.

అంతకన్నా ముందు ఒక చిన్న గందరగోళం తీసేద్దాం. చెన్నైలో మద్రాస్ క్రిస్టియన్ కాలేజీ ఉంది, 1837లో స్కాట్లాండ్ మిషనరీలు మొదలుపెట్టింది, 1937లో తాంబరం వెళ్ళింది. విమెన్స్ క్రిస్టియన్ కాలేజీ 1915ది. రెండూ ప్రొటెస్టంట్ సంస్థలు, చాలా మంచి కాలేజీలు, అప్లై చెయ్యండి, కాకపోతే మన ఆర్‌సీఎం (రోమన్ క్యాథలిక్) విచారణ గురువు గారి, అంటే మన చర్చి ఫాదర్ గారి లెటర్‌కి అక్కడా ఇక్కడా ఒకే బరువు ఉంటుందనుకోవద్దు. ఇంకోటి, పేరు ముందు సెయింట్ అని ఉన్నంత మాత్రాన అది మేత్రాసనానిదో (బిషప్ గారి పరిధిలోదో) ఏదైనా సభదో అయిపోదు, ప్రైవేట్ ట్రస్టులు కూడా పునీతుల పేర్లు పెట్టుకుంటాయి, కాబట్టి యాజమాన్యం ఎవరిదో వెబ్‌సైట్‌లో చూడండి, లేకపోతే ఫోన్ చేసి అడగండి, అడిగితే పోయేదేముంది.

ఇక సభల సంగతి. లొయోలా జెస్యూట్ ఫాదర్స్‌ది, 1925లో ఫాదర్ ఫ్రాన్సిస్ బెర్ట్రామ్ మొదలుపెట్టారు. మన విజయవాడ ఆంధ్రా లొయోలా కూడా జెస్యూట్లదే, 1953. బెంగళూరు సెయింట్ జోసఫ్స్ ఇంకా పాతది, 1882లో పారిస్ ఫారిన్ మిషన్స్ వాళ్ళు పెట్టారు, 1937లో జెస్యూట్ల చేతికొచ్చింది, 2022లో యూనివర్సిటీ అయింది. స్టెల్లా మారిస్ ఎఫ్‌ఎంఎం (ఫ్రాన్సిస్కన్ మిషనరీస్ ఆఫ్ మేరీ) సిస్టర్స్‌ది, సరిగ్గా 1947 ఆగస్టు 15న మొదలైంది. విజయవాడలో మన అక్కలు చదివిన మారిస్ స్టెల్లా కూడా వాళ్ళదే. బెంగళూరు క్రైస్ట్ కేరళలో పుట్టిన సీఎంఐ (కార్మెలైట్స్ ఆఫ్ మేరీ ఇమ్మాక్యులేట్) సభది, అంటే పునీత చావర గారి సభ, 1969లో మొదలై 2008లో డీమ్డ్ యూనివర్సిటీ అయింది. మౌంట్ కార్మెల్ సెయింట్ తెరేసా కార్మెలైట్ సిస్టర్స్‌ది, 1948. కోరమంగలలో ఉన్న జ్యోతి నివాస్ టార్బ్స్ సెయింట్ జోసఫ్ సిస్టర్స్‌ది, 1966.

ఈ పేర్లన్నీ ఎందుకు చదివానంటే సభని బట్టి కాలేజీ స్వభావం ఉంటుంది. జెస్యూట్ కాలేజీలో వాదించే పిల్లల్ని ఇష్టపడతారు, సమాజం రాజకీయం అన్నీ క్లాసులోకి వస్తాయి, క్యాథలిక్ విద్యార్థుల సంఘం ఐకఫ్ 1924లో జెస్యూట్ల దగ్గరే పుట్టింది, ఆ వాసన ఇంకా పోలేదు. క్రైస్ట్‌లో క్రమశిక్షణ గట్టిగా ఉంటుంది, అటెండెన్స్ 85 శాతం, డ్రెస్ కోడ్, వరసగా అసైన్‌మెంట్లు. కొందరు పిల్లలకి ఆ పట్టు కొండంత అండ, కొందరికి ఊపిరాడదు. మీ పిల్లవాడు ఎవరో మీకు తెలుసు, ర్యాంకింగ్ తయారుచేసిన వాళ్ళకి తెలీదు.

ర్యాంకింగ్ అన్నాను కాబట్టి అదీ చెప్పేస్తా. కేంద్ర ప్రభుత్వం ఇచ్చే ఎన్‌ఐఆర్‌ఎఫ్ ర్యాంకుల్లో కాలేజీలకి ఒక లిస్ట్, యూనివర్సిటీలకి ఇంకో లిస్ట్ ఉంటాయి. లొయోలా, స్టెల్లా కాలేజీల లిస్ట్‌లో ఉంటాయి, క్రైస్ట్ యూనివర్సిటీల లిస్ట్‌లో ఉంటుంది. ఈ నంబరు పక్కన ఆ నంబరు పెట్టి ఇది పైన అది కింద అనుకోవడానికి అసలు కుదరదు. డిగ్రీ విషయం కూడా అంతే, లొయోలా, స్టెల్లా అటానమస్, అంటే సిలబస్, పరీక్షలు వాళ్ళవే గానీ పట్టా మద్రాస్ యూనివర్సిటీది. క్రైస్ట్ పట్టా క్రైస్ట్‌దే, సెయింట్ జోసఫ్స్ కూడా ఇప్పుడు సొంతంగా ఇస్తుంది. ఏదీ తక్కువ కాదు, కానీ కోర్సు మూడేళ్ళా నాలుగేళ్ళా అన్నది మాత్రం బెంగళూరులో ఏ కాలేజీకి ఆ కాలేజీని అడగండి, కర్ణాటక 2024లో తన పరిధిలోని డిగ్రీలని మళ్ళీ మూడేళ్ళకి మార్చింది.

ఇప్పుడు డబ్బు. ఇక్కడ కాస్త నిదానంగా వినండి, మనవాళ్ళు ఎక్కువ దెబ్బతినేది ఇక్కడే. మధ్యాహ్నం వేళ ఒకసారి స్టెర్లింగ్ రోడ్డులో లొయోలా గేటు దగ్గర నిలబడి చూడండి. ఫస్ట్ షిఫ్ట్ పిల్లలు గుంపులుగా బయటికొచ్చి నుంగంబాక్కం స్టేషన్ వైపు నడుస్తుంటారు, అదే గేటులోంచి సెకండ్ షిఫ్ట్ పిల్లలు టిఫిన్ డబ్బాలతో లోపలికెళ్తుంటారు. గేటు ఒకటే, క్లాస్‌రూములూ అవే, చేతికొచ్చే పట్టా మీద యూనివర్సిటీ పేరు కూడా ఒకటే. కానీ పొద్దున వచ్చే చాలా కోర్సులు ఎయిడెడ్, లెక్చరర్ల జీతం ప్రభుత్వం ఇస్తుంది కాబట్టి ఫీజు తక్కువ. మధ్యాహ్నంవి సెల్ఫ్ ఫైనాన్స్, ఫీజు ఎన్నో రెట్లు. ప్రాస్పెక్టస్‌లో ఈ తేడా కోర్సు పేరు పక్కన ఒక చిన్న మాటగా ఉంటుంది అంతే, కంగారులో అది చూడకుండా లొయోలా బీకామ్ అని ఒక్కటి టిక్ పెట్టి వచ్చేస్తారు, తర్వాత ఫీజు కట్టే రోజున అప్పులకి పరిగెడతారు. ఇష్టమైన కోర్సు రెండు షిఫ్టుల్లో ఉంటే రెండింటికీ అప్లై చెయ్యండి. బెంగళూరులో డీమ్డ్ యూనివర్సిటీల్లో ఇలాంటి ఎయిడెడ్ సీటు కోసం చూడొద్దు, అక్కడ మొత్తం ఫీజు మన జేబులోంచే అనుకుని లెక్కేసుకోండి, హాస్టలో పేయింగ్ గెస్ట్ గదో దాని మీద అదనం. నెల్లూరు, గుంటూరు నుంచి వచ్చిన అన్నలకి ఇంకో మాట, మన రాష్ట్రంలో వచ్చే ఫీజు రీయింబర్స్‌మెంట్‌ని నమ్ముకుని ఇక్కడ సీటు తీసుకోవద్దు, అది రాష్ట్రం దాటి మన వెనకాల రాదు.

ఇక అందరూ అడగాలనుకుని అడగని విషయం, మన కోటా. రాజ్యాంగంలో 30వ అధికరణ మైనారిటీలకి సొంతంగా విద్యాసంస్థలు పెట్టుకుని నడుపుకునే హక్కు ఇచ్చింది, దాన్ని బట్టి ఈ కాలేజీలు క్యాథలిక్ పిల్లలకి కొన్ని సీట్లు పెట్టుకుంటాయి. దానికి జ్ఞానస్నానం సర్టిఫికెట్, విచారణ గురువు లెటర్ కావాలి. మన తెలుగువాళ్ళకి ఇక్కడ వచ్చే చిక్కు ఏంటంటే, విచారణ రిజిస్టర్‌లో పిల్ల పేరు మరియ గొరెట్టి అని ఉంటుంది, టెన్త్ మెమోలో లావణ్య అని ఉంటుంది. మన ఊళ్ళో ఇది ఇంటింటా ఉన్నదే, ఇక్కడ ఆఫీసులో కూర్చున్నవాళ్ళకి ఇద్దరు వేర్వేరు మనుషుల్లా కనబడుతుంది. అమ్మానాన్నల పేర్లు, పుట్టిన తేదీ రాసి, ఈ ఇద్దరూ ఒకరే అని విచారణ గురువు గారు లెటర్‌హెడ్ మీద ఒక్క వాక్యం రాసి ముద్ర వేస్తే సగం తిరుగుడు తప్పుతుంది.

ఇంకా కష్టమైన సంగతి ఒకటుంది, ఇది చెప్పకుండా దిగితే నాకు మనసొప్పదు. మనలో చాలామందిమి దళిత కుటుంబాల నుంచి వచ్చినవాళ్ళం. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవుడైతే ఎస్సీ హోదా ఉండదు. మతం మారినా కులం, పేదరికం, ఊరి చివర ఇల్లు ఏమీ మారలేదు, కాగితం మాత్రం మారిపోయింది, ఇది అన్యాయం అని నేను ఏ మైకులోనైనా చెప్తాను. కానీ ఆ అన్యాయం మీద కోపంతో ఎస్సీ సర్టిఫికెట్, జ్ఞానస్నానం సర్టిఫికెట్ రెండూ కలిపి పెట్టి పిల్ల సీటుని ప్రమాదంలో పడేయకండి. 2024 నవంబర్‌లో సుప్రీం కోర్టు, జ్ఞానస్నానం తీసుకుని క్రైస్తవంలో ఉన్న ఒకామె ఎస్సీ సర్టిఫికెట్ అడిగితే కుదరదని తీర్పు ఇచ్చింది. ఎస్సీ నుంచి క్రైస్తవంలోకి వచ్చినవాళ్ళకి ఇచ్చే మన ఆంధ్రా బీసీ-సీ సర్టిఫికెట్ కూడా తమిళనాడు, కర్ణాటక రిజర్వేషన్‌లో లెక్కలోకి రాదు. అందుకే కాలేజీకెళ్ళినప్పుడు సూటిగా అడగండి, దళిత క్యాథలిక్ పిల్లలకి విడిగా సీట్లు పెట్టారా, ఫీజు తగ్గిస్తారా, వేరే రాష్ట్రం పిల్లలకి కూడా వర్తిస్తుందా అని. అడగడానికి సిగ్గుపడొద్దు, భారత బిషప్పుల సమాఖ్యే 2016లో దళితుల సాధికారత కోసం ఒక విధానం రాసి విడుదల చేసింది, మనం అడిగేది వాళ్ళు రాసుకున్న మాటనే.

ముందు చెప్పిన కొలతకి ఇప్పుడొస్తాను. 1990లో పోప్ రెండవ జాన్ పాల్ గారు క్యాథలిక్ యూనివర్సిటీల గురించి ఒక పెద్ద పత్రమే రాశారు, చదువు దాని వల్ల లాభం పొందగలిగిన వాళ్ళందరికీ, ముఖ్యంగా పేదలకి అందాలి అని అందులో ఉంది. అంతకుముందు 1973లో జెస్యూట్ల సుపీరియర్ జనరల్ ఫాదర్ అరుపె, మా స్కూళ్ళు కాలేజీలు ఇతరుల కోసం బతికే మనుషుల్ని తయారుచెయ్యాలి అన్నారు. ఇంత మాట చెప్పుకున్న సంస్థని ఆ మాటతోనే తూచాలి కదండీ. ప్లేస్‌మెంట్లు, ల్యాబులు, ఆడిటోరియం ఇవన్నీ వేరే ప్రైవేట్ కాలేజీల్లోనూ ఉన్నాయి, కొన్నిచోట్ల ఇంతకన్నా మెరుగ్గా ఉన్నాయి.

కాబట్టి అడ్మిషన్ కౌంటర్లో అడగాల్సినవి వేరే ఉన్నాయి. ఫీజు రెండు మూడు విడతల్లో కట్టనిస్తారా, మధ్యలో నాన్న పని పోతే ఎవరి దగ్గరికెళ్ళాలి, ఆ మనిషి పేరు చెప్పగలరా. తెలుగు మీడియం నుంచి వచ్చిన పిల్లలకి ఫస్ట్ సెమిస్టర్లో ఇంగ్లీష్ బ్రిడ్జ్ కోర్సు ఉందా, ఉంటే క్లాస్ టైమ్‌లోనే పెడతారా లేక పార్ట్ టైమ్ పనికెళ్ళే పిల్లలు రాలేని టైమ్‌లో పెడతారా. కొన్ని కాలేజీల్లో ఇబ్బందుల్లో ఉన్న పిల్లలకి మధ్యాహ్న భోజనం పెడతారు, అది ఉందా, ఉంటే పేరు అందరికీ తెలిసేలా లైన్లో నిలబెట్టి ఇస్తారా లేక పక్క పిల్లకి తెలీకుండా టోకెన్ ఇస్తారా. చూడటానికి చిన్న విషయం, కానీ పద్దెనిమిదేళ్ళ పిల్లకి పరువు అన్నం కన్నా పెద్దది, పరువు పోతుందనుకుంటే పస్తుంటుంది గానీ ఆ లైన్లో నిలబడదు. ఈ సంగతి ముందే ఆలోచించిన కాలేజీ మిగతావి కూడా ఆలోచించే ఉంటుందని నా నమ్మకం. వీటికి సమాధానం ప్రిన్సిపల్ గదిలో ఒకలా, క్యాంటీన్లో సెకండ్ ఇయర్ పిల్లల దగ్గర ఇంకోలా ఉంటుంది, రెండూ వినండి, క్యాంటీన్ మాటని కొంచెం ఎక్కువ నమ్మండి.

మిగతావి త్వరగా. తమిళం రాదని చెన్నై వదులుకోవద్దు, ప్లస్ టూ దాకా తమిళం చదవని పిల్లలకి బేసిక్ తమిళ్ పేపర్ ఉంటుంది, అక్షరాల నుంచి నేర్పిస్తారు. డాక్టర్ చదువు అనుకునేవాళ్ళకి బెంగళూరు సెయింట్ జాన్స్ ఉంది, 1963లో బిషప్పులు పెట్టింది, నీట్ రాయాల్సిందే, చదువయ్యాక పల్లెల్లో పనిచేసే బాండ్ సంగతి ముందే చదివి సంతకం పెట్టండి. హాస్టల్ క్యాంపస్ లోపల ఉందా బయటా అన్నది ఆడపిల్లల విషయంలో ఫీజంత ముఖ్యం. మీ పక్కింటి హిందూ, ముస్లిం పిల్లలు కూడా అడుగుతుంటారు, వాళ్ళకి చెప్పండి, మనవాళ్ళకి రెలిజియన్ క్లాస్ ఉన్న టైమ్‌లో వాళ్ళకి మామూలుగా ఎథిక్స్ క్లాసే ఉంటుంది, పూజకి రమ్మని ఎవరూ బలవంతపెట్టరు.

చివరిగా కాగితాల సంగతి. రిజల్ట్ వచ్చేదాకా ఆగొద్దు. ఊళ్ళో జ్ఞానస్నానం రిజిస్టర్ ఉన్న విచారణకి ఈ నెలలోనే మనిషిని పంపండి, మే నెలకొస్తే ఫాదర్లకి బదిలీలు మొదలవుతాయి, కొత్తగా వచ్చిన ఫాదర్ గారికి మీ కుటుంబం ఎవరో తెలుసుకోవడానికే వారం పడుతుంది. లెటర్ మీద తేదీ, ముద్ర, ఫోన్ నంబర్ మూడూ ఉన్నాయో లేదో అక్కడే నిలబడి చూసుకోండి, మూడు కాపీలు జిరాక్స్ తీయించండి. లెటర్ ఎలా రాయించాలో తెలీనివాళ్ళు ఇప్పుడు నా దగ్గరికి రండి, పిల్ల టెన్త్ మెమో ఫోన్లో ఉంటే చాలు, కూర్చుని రాద్దాం.